ఫర్హాబాద్ అడవిలో ఒక పూట

వనపర్తి నుండి నాగర్‌కర్నూలు, అచ్చంపేట మీదుగా మన్ననూరు చేరాము. అది దాటి శ్రీశైలం రహదారిలో సాగితే ఫర్హాబాద్ వస్తుంది. సఫారీ జీపు ఎక్కేది అక్కడే. అరబీలో 'ఫరహ్' అంటే ఆనందం. నిజాం కాలంలో ఇది వేటగాళ్ల విడిది. ఆ ఆనందం ఎవరిదో వేరే చెప్పనక్కరలేదు. నేడు ఇది 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో భాగం.

ఆఫ్రికా సింహాలను ఫోనులో చూచిన మా విద్యార్థులు, పులి కానరాలేదని చిన్నబోయారు. వెంట వచ్చిన చెంచు యువకుడు మట్టిలో పాదముద్ర చూపి, "మనకు కనబడలే గానీ, అది మనల్ని చూసే ఉంటది" అన్నాడు. పిల్లలు గప్‌చిప్‌.

అడవి లోపలి చెంచు గ్రామాలను బయటికి తరలించే మాట చాలాకాలంగా వింటున్నాము. మీరు పోతారా అని అడిగాను. "ఇల్లు, భూమి ఇస్తమంటున్నరు సారూ. మా అమ్మ ఒప్పుకుంటలేదు" అని, మరి మాట్లాడలేదు. తరతరాలుగా పులితో కలిసి బ్రతికినవారికే ఈ ప్రశ్న ఎదురవడం నాకు మింగుడుపడలేదు.

వ్యూ పాయింట్ వద్ద బండపై అస్ర్ నమాజు చేశాము. రాత్రి 9 నుండి ఉదయం 6 వరకు ఆ రహదారిపై వాహనాలకు అనుమతి లేదు; త్వరగా బయలుదేరాము.