డ్రైవర్ లేని సీటు

1973లో జపాన్‌లో షాంపూ సీసాలు పోసే ప్లాస్టిక్కుతోనే పిల్లల కోసం ఒక రోబో తయారైంది. ఎత్తు 60 సెంటీమీటర్లు. చూడ్డానికి భీకరంగా ఉన్నా లోపలంతా డొల్ల కాబట్టి మూడేళ్ల పిల్లవాడు కూడా చంకనేసుకుని ఊరంతా తిరగొచ్చు. ఆ రోబో పేరు మాజింగర్ జెడ్. గో నాగాయ్ గీసిన బొమ్మల కథ 1972లో పత్రికలో మొదలై, ఆ డిసెంబరులోనే టోయే సంస్థ చేతుల మీదుగా టీవీకెక్కింది. కోజీ కబుతో అనే కుర్రాడు ఆ రోబో తలలో కూర్చుని నడుపుతాడు. అతను కేక పెట్టగానే రోబో పిడికిలి మోచేతి దగ్గర విడిపోయి రాకెట్‌లా దూసుకుపోతుంది. పాపీ అనే కంపెనీ చేసిన బొమ్మా అంతే. మీట నొక్కితే స్ప్రింగు విదిలించుకుని పిడికిలి వెళ్లి ఎదుటి గోడకు తగులుతుంది. ఆ వరస బొమ్మలకు జంబో మషిండర్లని పేరు పెట్టారు.

మరుసటి ఏడాది అదే పాపీ, అదే మాజింగర్‌ను అరచేతిలో ఇమిడేంత చిన్నగా చేసింది. ఈసారి ప్లాస్టిక్కు కాదు, పోత పోసిన జింకు మిశ్రమం. కథలో మాజింగర్ ఒంటికి వాడిన ఊహాలోహం పేరే చోగోకిన్. బొమ్మ పెట్టె మీదా ఆ పేరే అచ్చేశారు. ఆదివారం టీవీలో చూసిన లోహపు వీరుణ్ణి సోమవారం చేతిలోకి తీసుకుంటే చల్లగా, బరువుగా, నిజం లోహంలాగే తగిలేవాడు. పిల్లవాడికి అంతకన్నా రుజువేం కావాలి?

ఆ రోజుల జపాన్‌లో బొమ్మ కథకు తోక కాదు, తోబుట్టువు. టీవీ ధారావాహికకు డబ్బు పెట్టేదే బొమ్మల కంపెనీ. రోబో చెయ్యి ఎక్కడ విరగాలో, కాలు ఎక్కడ మడవాలో చిత్రకారులతో కలిసి బొమ్మలు చేసేవాళ్లు కూడా ఆలోచించేవారు. పాపీలో కత్సుషి మురకామి అనే రూపకర్త ఇందులో సిద్ధహస్తుడు. వ్యాపారమే, కాదనను. కానీ వ్యాపారం కోసం కూడా ఇంత ప్రేమగా పని చేయొచ్చని ఆ బొమ్మల కీళ్లు చూస్తే తెలుస్తుంది.

ఉద్యోగరీత్యా టోక్యోలో ఉన్న రోజుల్లో సెలవు దొరికితే నకానో బ్రాడ్‌వేకి వెళ్లేవాణ్ణి. పాత బొమ్మలకీ పాత కామిక్స్‌కీ పేరుమోసిన మందరకే దుకాణాలు ఆ భవనంలో అంతస్తంతస్తునా ఉన్నాయి. అద్దాల బీరువాల్లో ఆనాటి చోగోకిన్లు వరసగా నిలబడి ఉంటాయి. రంగు లేచిపోయిన ముక్కు, విరిగిన కొమ్ము, అరిగిన పాదం. మచ్చ లేని బొమ్మలూ ఉండేవి కానీ నా కళ్లు ఈ గాయాల వాటి దగ్గరే ఆగేవి. ఒకాయన, అరవై దాటి ఉంటాయి, మనవణ్ణి పక్కన నిలబెట్టుకుని ఒక్కో రోబో పేరూ, దాన్ని నడిపిన వాడి పేరూ, ఏ యుద్ధంలో ఏమైందీ చెప్పుకుపోతున్నాడు. నాకొచ్చిన కొద్దిపాటి జపనీస్‌తో సగమే అర్థమైంది. బొమ్మల వెనుక కథ మొత్తం ఆయన దగ్గర పదిలంగా ఉందని మాత్రం పూర్తిగా అర్థమైంది.

ఆ బొమ్మలే పసిఫిక్ దాటాక సంగతి మారిపోయింది.

1970ల చివర్లో మాటెల్ కంపెనీ ఈ పెద్ద రోబోలను అమెరికాకు తెచ్చి షోగన్ వారియర్స్ పేరుతో అమ్మింది. గ్రేట్ మాజింగా, రైడీన్, డ్రాగన్, గైకింగ్, డైమోస్. జపాన్‌లో వీటిలో ఒక్కోటి ఒక్కో ధారావాహికకు చెందింది. ఒక్కోదానికీ వేరే నాయకుడు, వేరే శత్రువు, వేరే పాట. అమెరికాలో అన్నీ ఒకే అట్టపెట్టె కుటుంబంలో చేరిపోయాయి. సినిమాల రాక్షసుడు గాడ్జిల్లాను కూడా తెచ్చి వాటి సరసన నిలబెట్టారు. అక్కడి పిల్లల్లో చాలామందికి ఈ రోబోలు ఎవరో, ఎక్కణ్ణించి ఊడిపడ్డాయో తెలియదు. వీటిలో కొన్ని ధారావాహికలు ఫోర్స్ ఫైవ్ పేరుతో 1980లో గానీ అక్కడి టీవీకి రాలేదు. అంటే ముందు బొమ్మ వచ్చింది, కథ వెనకబడింది.

మార్వెల్ వాళ్లు 1979లో ఈ బొమ్మల మీద కామిక్ మొదలుపెట్టినప్పుడు జపాన్ కథలను పట్టించుకోనేలేదు. మూడు రోబోలను ఎంచుకుని, వాటికి ఒక అమెరికన్ స్టంట్‌మ్యాన్‌ను, ఒక జపాన్ యువతిని, మడగాస్కర్‌కు చెందిన ఒక సముద్ర శాస్త్రవేత్తను పైలట్లుగా పెట్టారు. 20 సంచికలకు ఆగిపోయింది. నాకు ఆ కామిక్ అంటే ఇష్టమే. ముగ్గురు మూడు ఖండాల వాళ్లు కలిసి ప్రపంచాన్ని కాపాడ్డమన్న ఊహలో ఒక పెద్దమనసు ఉంది.

టోక్యో తర్వాత న్యూజెర్సీలో నాతో పనిచేసిన ఒక అమెరికన్ మిత్రుడి ఇంట్లో చిన్ననాటి రైడీన్ ఇప్పటికీ ఉంది. ఆయన ఆటలో రైడీన్ ఒక గ్రహానికి రాజు, గాడ్జిల్లా ఆ రాజుగారి పెంపుడు జంతువు, వంటింటి గట్టు వాళ్ల కోట. జపాన్ కథలో రైడీన్ ఎవరో పెద్దయ్యాకే తెలుసుకున్నాడట. తెలుసుకుని సంతోషించాడు కానీ తన కథనే అట్టిపెట్టుకున్నాడు. ఆ మాట విన్నాక నాకు ఆ పెట్టె మీద కథ లేకపోవడం లోటుగా అనిపించలేదు. నకానోలో ఆ తాతగారికి ఇచ్చిన కథ ఉంది, ఇక్కడ ఈయనకు కట్టుకున్న కథ ఉంది.

షోగన్ వారియర్స్‌కు గండం ఇంకో వైపు నుంచి వచ్చింది. 1978 చివర్లో మాటెల్ వారిదే అయిన బాటిల్‌స్టార్ గలాక్టికా వ్యోమనౌక బొమ్మ పేల్చిన చిన్న క్షిపణి గొంతులో ఇరుక్కుని జార్జియా రాష్ట్రంలో నాలుగేళ్ల బాబు చనిపోయాడు. దాంతో అమెరికాలో ఇలా క్షిపణులు పేల్చే బొమ్మలన్నిటికీ కళ్లెం పడింది. స్టార్ వార్స్ బొమ్మల్లో బోబా ఫెట్ వీపు మీది రాకెట్ కూడా ఎగరకుండా అతుక్కుపోయింది. చేతుల్లోంచి, వేళ్లలోంచి అస్త్రాలు విసరడమే ప్రాణమైన రోబోలకు అది పెద్ద దెబ్బే. అయినా ఒక పసివాడి ప్రాణం ముందు ఎగిరే పిడికిలి ఏపాటి? ఆ నిర్ణయం సరైనదే.

అసలు విచిత్రం 1984లో జరిగింది. సెయింట్ లూయిస్ నగరంలోని వరల్డ్ ఈవెంట్స్ అనే సంస్థ జపాన్ రోబో ధారావాహికలను కొనాలనుకుంది. వాళ్లు అడిగింది ఛాతీ మీద సింహం ఉన్న డాల్టానియస్ కథనని, 'ఆ సింహాలది' అంటే టోయే వాళ్లు పొరపాటున గోలయన్ పంపారని చెప్పుకుంటారు. గోలయన్‌లో అయిదు సింహాలు. నల్లది మొండెం, ఎరుపూ ఆకుపచ్చా చేతులు, నీలం పసుపూ కాళ్లు. అయిదూ కలిస్తే ఒక మహావీరుడు. దానికి అమెరికాలో వోల్ట్రాన్ అని పేరు పెట్టారు.

1981 నాటి జపాన్ కథ చీకటితో మొదలవుతుంది. మూడో ప్రపంచయుద్ధంలో భూమి నాశనమైపోయి ఉంటుంది. అయిదుగురు యువకుల్లో ఒకడు కథ మొదట్లోనే చనిపోతాడు. అమెరికాలో భూమికేమీ కాలేదు. చనిపోయినవాడు స్వెన్ అనే పేరుతో గాయపడి ఆసుపత్రికి వెళ్లాడు. కథ ఇంత మారినా మ్యాచ్‌బాక్స్ పేరుతో అక్కడి దుకాణాలకు వచ్చిన సింహాలు మాత్రం జపాన్ సింహాలే. అదే అచ్చు, అదే లోహం. ఒసాకాలో ఒక పిల్లవాడు నీలి సింహాన్ని పట్టుకుంటే అది చనిపోయిన మిత్రుడి వాహనం. డెట్రాయిట్‌లో అదే బొమ్మ పట్టుకున్నవాడికి ఆ దుఃఖం తెలియదు. తెలియాల్సిందని నా అభిప్రాయం. చావు గురించి పిల్లలకు చెప్పడానికి బొమ్మకన్నా మెత్తని దారి నాకు కనిపించదు.

వోల్ట్రాన్ వరసలో మరో బొమ్మ కూడా వచ్చింది. ఆల్బెగాస్ అనే జపాన్ ధారావాహికను రెండో వోల్ట్రాన్‌గా మార్చి ప్రసారం చేద్దామనుకుని మానేశారు. బొమ్మలు మాత్రం దుకాణాల్లోకి వచ్చేశాయి. ఎన్నడూ రాని కథ తాలూకు వీరుణ్ణి ఎంతమంది పిల్లలు పుట్టినరోజు కానుకగా అందుకుని టీవీ ముందు ఎదురు చూసి ఉంటారో!

ఇక ట్రాన్స్‌ఫార్మర్స్. ఇది జపాన్ యానిమేషన్ కథ నుంచి పుట్టిన బొమ్మ కాదు, బొమ్మ నుంచి కథ పుట్టింది. కానీ ఈ రెండు దేశాల తేడా ఇంత స్పష్టంగా మరెక్కడా కనిపించదు కాబట్టి దీన్ని వదలలేను. జపాన్‌లో టకారా కంపెనీ డయాక్లోన్ పేరుతో కార్లూ లారీలూ రోబోలుగా మారే బొమ్మలు చేసింది. వాటిని నడపడానికి బొటనవేలంత మనుషులుండేవారు. పాదాల్లో చిన్న అయస్కాంతాలు, కూర్చోడానికి సీట్లు. రోబో యంత్రం, ప్రాణం మనిషిది. 1984లో హాస్‌బ్రో ఈ బొమ్మలను అమెరికాకు తెచ్చి ఆ మనుషులను తీసేసింది. కథ రాసే పని మార్వెల్‌కు అప్పగించింది. అక్కడి సంపాదకుడు బాబ్ బుడియాన్‌స్కీ చాలా రోబోలకు పేరూ, స్వభావమూ, భయాలూ, మాట తీరూ రాశాడు. ఇప్పుడు రోబోకే ప్రాణం వచ్చింది. పెట్టె వెనక ఎర్రటి పలచని కాగితం అడ్డం పెట్టి చూస్తే కనిపించే బలాబలాల పట్టిక కూడా ఉండేది.

హౌండ్ అనే జీపు బొమ్మలో సీట్లు అలాగే ఉండిపోయాయి. అచ్చు మార్చలేదు మరి. జీపే ప్రాణి, తనను తానే నడుపుకుంటుంది. అయినా ఎవరి కోసమో సీటు ఖాళీగా ఉంది. దాన్ని చూసినప్పుడల్లా నాకు రెండు దేశాలూ ఒకేసారి కనిపిస్తాయి. యంత్రాన్ని మనిషి నడపాలని ఒకరు కోరుకున్నారు, యంత్రమే స్నేహితుడు కావాలని మరొకరు కోరుకున్నారు. 1985లో అమెరికా కథ జపాన్ టీవీకి చేరింది. ఆ కథానాయకుడు ఆప్టిమస్ ప్రైమ్ అక్కడ కాన్వాయ్ అయ్యాడు. పుట్టింటికి కొత్త పేరుతో, కొత్త ప్రాణంతో తిరిగొచ్చాడు.

గోలయన్‌లో చావును చెరిపేసిన ఆ దేశమే 1986 ట్రాన్స్‌ఫార్మర్స్ సినిమాలో ఆప్టిమస్ ప్రైమ్‌ను చంపింది. కొత్త బొమ్మలకు చోటివ్వాలి గనక. పిల్లలు థియేటర్లలో వెక్కి వెక్కి ఏడ్చారు. మరుసటి ఏడాది టీవీలో అతన్ని తిరిగి బతికించక తప్పలేదు. బొమ్మ తమదని పిల్లలు అంత గట్టిగా చెప్పిన సందర్భం నాకు మరొకటి తెలియదు.

మన సంగతి? 1990ల తొలి రోజుల్లో ఆదివారం పొద్దున దూరదర్శన్‌లో వచ్చిన మౌగ్లీ జపాన్ యానిమేషనే, నిప్పన్ యానిమేషన్ వారు తీసింది. గుల్జార్ పాట హిందీ రాని పిల్లలకు కూడా నోటికొచ్చేది. మౌగ్లీ బొమ్మ మాత్రం మాకెక్కడా దొరకలేదు. తువ్వాలు నడుముకు చుట్టుకున్నవాడే మౌగ్లీ, జామచెట్టే అడవి. రోబోలు నాంపల్లి ఎగ్జిబిషన్‌లో దొరికేవి. పేరూ ఊరూ లేని పలచటి ప్లాస్టిక్ లారీ, నాలుగు మడతలు విప్పితే చేతులూ కాళ్లూ వచ్చేవి. ఆప్టిమస్ పోలిక కొంత, మరెవరి పోలికో కొంత. తర్వాతి తరానికి కార్టూన్ నెట్‌వర్క్ పుణ్యమా అని బేబ్లేడ్ వచ్చింది. జపాన్ వాళ్లు తమ పాత బొంగరానికి టకారా చేత కొత్త అవతారం ఎత్తించిన ఆ బొమ్మ బొంగరాలాడిన మన పెరళ్లలో ఇట్టే కలిసిపోయింది.

ఎవరి బొమ్మ గొప్పదని నన్నడిగితే, చేతిలోకి తీసుకోవడానికి జపాన్ బొమ్మ. బరువు, కీళ్ల పనితనం, రంగు, కథకు కట్టుబడి ఉండే నిజాయితీ, అన్నిట్లో అదే మిన్న. ఆటకు మాత్రం అమెరికా బొమ్మకే ఓటు వేస్తాను. కథ తెగిపోయి వచ్చిన బొమ్మ పిల్లవాడికి ఎక్కువ పని పెట్టింది, ఆ పని వాడికి మేలే చేసింది.

నా దిగులు వేరే. 1997లో బాండాయ్ కంపెనీ సోల్ ఆఫ్ చోగోకిన్ పేరుతో మాజింగర్ జెడ్‌తోనే కొత్త వరస మొదలుపెట్టింది. అద్భుతమైన బొమ్మలు. కానీ అవి ఆనాటి పిల్లలు పెద్దవాళ్లయ్యాక వాళ్ల కోసం చేసినవి, ధరలూ వాళ్ల జీతాలకు తగ్గట్టే ఉంటాయి. అమెరికాలోనూ అంతే, పెట్టె తెరవని బొమ్మకే ఎక్కువ వెల. రెండు దేశాల బొమ్మలూ ఇప్పుడు పిల్లల చేతికందని ఎత్తులో నిలబడి ఉన్నాయి.

జపాన్‌లోనో అమెరికాలోనో ఉంటున్న తెలుగువాళ్లు సెలవులకు వచ్చేటప్పుడు అన్నపిల్లలకో అక్కపిల్లలకో ఇలాంటి రోబో ఒకటి తెస్తుంటారు. తెచ్చిన బొమ్మను షోకేసులో పెట్టి తాళం వేయకండి. పెట్టె మీరే చించండి. కథ తెలిస్తే చెప్పండి, తెలియకపోతే పిల్లల్నే చెప్పమనండి. రంగు లేచిపోయినా, చెయ్యి ఊడినా కోప్పడకండి.