తంజావూరుని గుంటూరు చేస్తే మనమేమైపోవాలి? (ఈమధ్య చూసిన మూడు సినిమాలు)



మార్గళి మొదలైంది. తెల్లవారుజామున ముగ్గులు, సాయంత్రం సభల్లో కచేరీలు. వీటి మధ్యలో సినిమాల గోల ఏమిటని పెద్దవాళ్ళు కోప్పడకండి. గత మూడు నెలల్లో చూసినవాటిలో ఒక మూడు సినిమాలు మనసులోంచి పోవడం లేదు. సమీక్షలు మీరు ఇప్పటికే చదివుంటారు. తరతరాలుగా తమిళనాడులో ఉంటున్న తెలుగువాడికి ఆ సినిమాలు చూస్తే ఏమనిపించిందో, అది రాస్తాను. పోస్టు పెద్దదే. కాఫీ పక్కన పెట్టుకుని తీరిగ్గా చదవండి.

మొదటిది లక్కీ భాస్కర్. వెంకీ అట్లూరి తీశారు, దుల్కర్ సల్మాన్ హీరో. 2024లో ఓటీటీలోకి వచ్చింది. 1990ల మొదట్లో బొంబాయిని కుదిపేసిన షేర్ల కుంభకోణం చుట్టూ అల్లిన కథ. జీతం చాలని ఒక బ్యాంకు క్యాషియరు, ప్రమోషన్ రాలేదన్న కడుపుమంటతో తప్పుడు దారిలో అడుగుపెడతాడు. మన సంఘంలో బ్యాంకు రిటైరీలు తక్కువేం లేరు కాబట్టి మీ అందరికీ నచ్చుతుంది. క్యాష్ రూమ్, లెడ్జర్లు, తాళంచెవులు చూస్తే మీకు పాత రోజులు గుర్తొస్తాయి. ఎక్కడా విసుగు రాదు. నాకు నచ్చనిది ఒక్కటే. బ్యాంకు సొమ్ముని బయటికి తీసుకెళ్ళిన మనిషికి మనచేతే చప్పట్లు కొట్టిస్తారు. ఇంటికోసమే చేశాడు కదా అని సర్దిచెప్పుకుంటూ మనమూ కొడతాం. ఇంటికి వచ్చాక ఎందుకు కొట్టామా అనిపిస్తుంది.

ఇంకొకటి కూడా తోచింది. కథ జరిగేది బొంబాయిలో. ఆ ఊళ్ళో మనవాళ్ళు ఎన్ని తరాలనించి ఉన్నారు! తెలుగు ప్రాంతాలనించి వెళ్ళి ఆ నగరంలో మేస్త్రీ పని, కూలి పని చేసిన కామాఠీల పేరుమీదే కామాఠీపుర అనే పేటకి ఆ పేరు వచ్చింది. సినిమాలో బొంబాయి ఉంది, తెలుగు ఉంది, ఆ తెలుగు బొంబాయికి ఎలా వచ్చిందన్న ఊసు మాత్రం లేదు. అది ఆ కథకి అవసరం లేదులెండి, తప్పు పట్టడం లేదు. కానీ ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మూడో సినిమా దగ్గర మళ్ళీ వస్తాను.

రెండోది 35 చిన్న కథ కాదు. 2024 సెప్టెంబరులో వచ్చింది. నందకిశోర్ ఈమాని దర్శకుడు, నివేదా థామస్ తల్లి పాత్ర వేసింది. తిరుపతిలో జరిగే కథ. అరుణ్ అనే పిల్లాడికి లెక్కలు ఎక్కవు. ఎందుకెక్కవంటే వాడికొక ప్రశ్న ఉంది. సున్నాకి విలువ లేదంటారు, మరి అదే సున్నా ఒకటి పక్కన నిలబడితే తొమ్మిదికంటే పెద్దది ఎలా అవుతుంది? ఈ ప్రశ్నకి జవాబు చెప్పడానికి ఎవరికీ తీరిక లేదు. లెక్కల మాస్టారైతే వాణ్ణి సున్నా అనే పిలుస్తాడు. బళ్ళో ఉండాలంటే వాడు 35 మార్కులు తెచ్చుకోవాలి. చివరికి వాడికి నేర్పించడానికి పూనుకునేది ఎవరు? తానే పదో తరగతి తప్పిన తల్లి. ముందు తాను నేర్చుకుంటుంది, తర్వాత కొడుక్కి నేర్పుతుంది.

తిరుపతి మనకి పొరుగూరు. వేలూరు, తిరుత్తణి, కృష్ణగిరి వైపు మన ఇళ్ళల్లో వినిపించే తెలుగుకి ఆ చుట్టుపక్కల తెలుగు దగ్గరి చుట్టం. సినిమాల్లో ఆ యాస వినిపించిందంటే ఇన్నాళ్ళూ వెకిలి నవ్వుకో, కత్తి పట్టుకున్న మనిషికో అయ్యుండేది. ఇందులో గుడి, బడి, వంటిల్లు ఉన్నాయి. సర్దుకుపోయే మొగుడు, సర్దుకోలేని కొడుకు ఉన్నారు. అంతా మామూలు మనుషులు.

నా మనసుని పట్టుకుంది మాత్రం ఆ తల్లే. మన సంఘంలో అలాంటి తల్లులు ఎంతమంది! మా చెల్లెలినే తీసుకోండి. గడగడా తెలుగు మాట్లాడుతుంది. పెళ్ళిపాటలు వందైనా నోటికి వచ్చు. అక్షరం రాదు. చదువంతా తమిళంలో సాగింది. ఇప్పుడు దాని కొడుక్కీ అంతే. 2006లో తమిళం తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చాక తెలుగు చదివే బడులే తగ్గిపోయాయి. మన ఆదివారం క్లాసుకి పిల్లాణ్ణి తీసుకొచ్చి, బయట వరండాలో ఫోను చూసుకుంటూ కూర్చుంటుంది. సినిమా చూసిన రాత్రి ఫోన్ చేసి, "అన్నా, ఆ క్లాసులో పెద్దవాళ్ళు కూర్చోకూడదా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. కమిటీవారి దగ్గర ఉందేమో అడుగుతున్నాను. వరండాలో ఎనిమిదిమంది తల్లులు కూర్చుంటున్నారు. లోపల బెంచీలు ఖాళీగానే ఉన్నాయి.

ఇక మూడోది. దీని గురించే అసలు ఈ పోస్టు.

తమిళంలో మెయ్యళగన్, తెలుగులో సత్యం సుందరం. 2024 సెప్టెంబరు చివర్లో ఒకరోజు తేడాలో రెండూ విడుదలయ్యాయి. దర్శకుడు సి. ప్రేమ్‌కుమార్, ఇంతకుముందు 96 తీసినాయన. అరవింద్ స్వామి, కార్తి ఇద్దరి మధ్యా ఒక్క రాత్రి జరిగే కథ ఇది. 1996లో ఆస్తి తగాదాల్లో సొంతిల్లు పోగొట్టుకుని ఒక కుటుంబం తంజావూరు వదిలి చెన్నై చేరుతుంది. ఇరవై రెండేళ్ళ తర్వాత ఆ ఇంటి కొడుకు పినతండ్రి కూతురి పెళ్ళికని నీడామంగళం వెళతాడు. అక్కడ ఒక బంధువు, "బావా బావా" అంటూ వెంటపడి, కాలు కింద పెట్టనివ్వకుండా చూసుకుంటాడు. వాడెవడో, పేరేమిటో ఈయనకి గుర్తురాదు. అడగడానికి నోరు రాదు. అంతే కథ.

ఫైటు లేదు, విలన్ లేడు. విడుదలయ్యాక నిడివి ఎక్కువైందని దాదాపు 18 నిమిషాలు కత్తిరించారు. నన్నడిగితే ఆ నిమిషాలూ ఉండాల్సిందే. చుట్టాలతో మాట్లాడుతుంటే నిడివి చూసుకుంటామా? పెళ్ళి వేదికమీద చెల్లెలు అన్న తెచ్చిన కానుక పొట్లాన్ని అందరి ముందూ అక్కడికక్కడే విప్పే ఘట్టం ఒకటుంది. హాల్లో నా పక్కన కూర్చున్న పెద్దాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. నేను మాత్రం తక్కువా?

మా ఊరు మన్నార్‌గుడి పక్కన ఒక పల్లెటూరు. నీడామంగళంలో రైలు దిగి వెళ్ళేవాళ్ళం. తాతగారు పోయాక పంపకాల్లో మా ఇల్లూ చేతులు మారింది. ఎవరిది న్యాయం, ఎవరిది అన్యాయం అన్న లెక్క ఇప్పుడెందుకు. మేము చెన్నై వచ్చేశాం. కాబట్టి నాకు ఆ సినిమా సినిమాలాగా లేదు. ఆ కాలవలు, ఆ అరుగులు, పొద్దుగూకే వేళ ఆ వెలుతురు, అన్నీ నావే. అందులో వాళ్ళు మాట్లాడేది తమిళం, మా ఇంట్లో మాట్లాడింది తెలుగు. ఆ ఒక్క తేడా నాకు అడ్డం రాలేదు.

తర్వాత ఓటీటీలో అమ్మకోసం తెలుగు వెర్షన్ పెట్టాను. అమ్మకి రెండు భాషలూ ఒక్కటే. కానీ తెలుగులో వింటే మరింత సంతోషిస్తుందని నా ఆశ. తెలుగులో తంజావూరు గుంటూరైంది. నీడామంగళం ఉద్దండరాయునిపాలెం అయింది. చెన్నై బదులు విశాఖపట్నం. బొమ్మ మాత్రం మారలేదు. అవే ఇళ్ళు, అవే గుడులు, అవే కాలవలు. కాసేపు చూసి అమ్మ నన్నడిగింది, "గుంటూరా? ఆడ మనకి ఎవురుండారు?"

నేనేం చెప్పాలి? ఎవరూ లేరు.

డబ్బింగ్ చేసినవాళ్ళ ఇబ్బంది నాకు అర్థమవుతుంది. డబ్బింగ్ సినిమా చూస్తున్నామన్న సంగతి ప్రేక్షకుడు మరిచిపోవాలని వాళ్ళ తాపత్రయం. గుంటూరులోనో వరంగల్లోనో కూర్చుని చూసే మనిషికి ఊరి పేరు తెలిసిందైతే కథ దగ్గరవుతుందనుకుంటారు. ఊళ్ళ పేర్లు మార్చడం అటునించి ఇటూ, ఇటునించి అటూ ఎప్పటినించో ఉన్నదే. 96 కథ కూడా సగం తంజావూరులోనే. అది తెలుగులో 2020లో జాను అయినప్పుడు, దర్శకుడు ఆయనే అయినా, బడి విశాఖపట్నం వెళ్ళిపోయింది. అది మళ్ళీ తీసిన సినిమా, అక్కడికే వెళ్ళి తీశారు, సరే. ఇక్కడ అలా కాదు. కంటికి కనిపించేది మా ఊరు, చెవికి వినిపించేది వేరే ఊరు.

అసలు తెలుగువాళ్ళకి తంజావూరు పరాయి ఊరని ఎవరు చెప్పారు?

1532 నుంచి 1673 దాకా తంజావూరుని ఏలిన నాయక రాజుల కొలువులో తెలుగు కావ్యభాష. రఘునాథ నాయకుడు తానే తెలుగులో కావ్యాలు రాశాడు. ఆయన కొడుకు విజయరాఘవుడు మన మన్నార్‌గుడి రాజగోపాలస్వామికి దాసుణ్ణని చెప్పుకున్నవాడు. అందుకే ఆయన ఆస్థానంలోని రంగాజమ్మ రాసిన నాటకం పేరు మన్నారుదాస విలాసం. ఆ మన్నారు నీడామంగళానికి కూతవేటు దూరం! తర్వాత వచ్చిన మరాఠా రాజుల్లో శాహజీ కూడా తెలుగులో రచనలు చేశాడు. సరస్వతీ మహల్‌లో తెలుగు తాళపత్రాలూ ఉన్నాయి. మెలట్టూరులో మెలట్టూరు వెంకటరామశాస్త్రి తెలుగులో రాసిన భాగవత మేళ నాటకాలు నరసింహ జయంతికి ఈనాటికీ ఆడుతున్నారు. ఏటా తిరువయ్యారులో కావేరి ఒడ్డున కూర్చుని వందలమంది విద్వాంసులు ఒక్క గొంతుతో పాడే పంచరత్నాల్లో నాలుగు తెలుగువే, ఒక్కటి సంస్కృతం. అవి రాసిన త్యాగరాజస్వామి గుంటూరు వెళ్ళి రాయలేదు.

అంటే సత్యం సుందరం తెలుగులో రావడానికి ఊరు మార్చనక్కరలేదు. తంజావూరుని తంజావూరుగానే ఉంచి, నీడామంగళంలో ఒక తెలుగింటి పెళ్ళి అనుకుంటే చాలు. అలాంటి పెళ్ళిళ్ళు అక్కడ జరుగుతూనే ఉన్నాయి. గుంటూరు ప్రేక్షకుడికి ఒక కొత్త సంగతి తెలిసేది. మాకు మా ఇల్లు మిగిలేది.

మన గ్రూపులో ఒక సోదరుడు, "తెలుగు సంఘం సభ్యులం కాబట్టి తెలుగు వెర్షనే చూడాలి, తమిళంలో చూసి మెచ్చుకోవడమేమిటి?" అని రాశారు. ఆయనమీద గౌరవంతోనే చెబుతున్నాను. తమిళంలో చూసినప్పుడు నేను ఆ కథ లోపల ఉన్నాను. తెలుగులో చూసినప్పుడు గుమ్మం బయట నిలబడ్డాను. ఇది భాషమీద ప్రేమ తగ్గడం వల్ల కాదు. తెలుగు అనగానే ఆంధ్ర, తెలంగాణ అనే లెక్కలో మనం ఎక్కడా కనిపించం. బొంబాయి కామాఠీలు కనిపించరు, సోలాపూరు నేతవాళ్ళు కనిపించరు, బరంపురం వాళ్ళు కనిపించరు. ఇక్కడివాళ్ళు మనల్ని వచ్చినవాళ్ళంటారు, అక్కడివాళ్ళు అరవవాళ్ళంటారు. ఆఖరికి సినిమాలో మన ఊరు కనిపించినా దానిమీద వేరే పేరు అతికిస్తే, మా మనవడు రేపు ఏ ఊరు మనదని చెప్పుకోవాలి? వాడు అప్పుడే అడిగాడు కూడా, "తాతా, మనది గుంటూరా?" అని.

సినిమావాళ్ళని మార్చడం మన చేతుల్లో లేదు. మన చేతుల్లో ఉన్నవి రెండు.

ఒకటి, సంక్రాంతి కలయికలో ఆటలు, పాటలు ఎలాగూ ఉంటాయి. ఈసారి ఒక గంట కేటాయించి, ప్రతి ఇంటినించి ఒకరు లేచి తమ ఊరి పేరు, వీధి పేరు, ఇల్లు ఎలా ఉండేదో చెప్పాలి. పెద్దవాళ్ళు చెబుతుంటే పిల్లలు ఫోనులో రికార్డు చెయ్యాలి. ఇల్లు అమ్ముడుపోయినా, కూలిపోయినా ఫరవాలేదు. ఆ సినిమాలోని మనిషి ఊరు వదిలి ఇరవై రెండేళ్ళకి ఒక బంధువు పేరు మరిచిపోయాడు. మన పిల్లలకి ఊరి పేరే తెలియడం లేదు.

రెండోది, ఆదివారం క్లాసులో తల్లులకి కూడా చోటివ్వండి. వచ్చే కమిటీ సమావేశంలో ఈ మాట నేనే లేవనెత్తుతాను. మద్దతిచ్చేవాళ్ళు ముందే చెప్పండి.

ఈలోగా మూడు సినిమాలూ చూడండి. 35 పిల్లలతో కలిసి చూడండి. సత్యం సుందరం వీలైతే రెండు భాషల్లోనూ చూసి, మీరు ఏ భాషలో లోపలున్నారో, ఏ భాషలో బయటున్నారో కింద రాయండి. తెలుగు అక్షరాలు రానివాళ్ళు తమిళ అక్షరాల్లోనే తెలుగు రాయండి. నేను చదువుకుంటాను. మా అమ్మ నాకు రాసిన ఉత్తరాలన్నీ అలాంటివే.