పట్టణము నడుమ కాపురము

పల్లెయందు పుట్టి పెరిగినవారు పట్టణము నడిబొడ్డున కాపురము పెట్టినపుడు మొట్టమొదట కోలుపోవునది నిద్ర. పిమ్మట లభించునది స్వేచ్ఛ. ఈ రెంటిని గూర్చియు ముందుగా నాలుగు మాటలు చెప్పి, అటుపిమ్మట మా మనస్సున ముల్లువలె గ్రుచ్చుకొనియున్న సంగతికి వచ్చెదము.

మాది రాయవరము. గౌతమికి ఎడమగట్టు ప్రక్కను, ధవళేశ్వరపు ఆనకట్టనుండి వచ్చు తూర్పు కాలువల నీటితో పండెడి వరిచేల నడుమనున్న గ్రామము. 2022 ఏప్రిల్ 4వ తేదీన తూర్పు గోదావరి జిల్లాను విభజించినపుడు మా మండలమును కోనసీమ జిల్లాలో చేర్చిరి. గౌతమీ వసిష్ఠల నడిమి లంకకుగదా కోనసీమ యని పేరు! ఏటి కీవలనున్న మేముకూడ కోనసీమవారమైతిమని మా యూరివారు కొన్నాళ్లు నవ్వుకొనిరి. జిల్లా పేరు మారినను మా కాలువ మారలేదు, మా బస్సును మారలేదు. పెద్ద వైద్యమునకు, పెద్ద చదువునకు మాకు రాజమహేంద్రవరమే దిక్కు. పిల్లల చదువు నిమిత్తమై మేము ఆ నగరమున ఇన్నీసుపేట ప్రాంతమునకు కాపురము మార్చితిమి.

మొదటి నెల మాకు కంటిమీద కునుకు లేదు. గోదావరి స్టేషను దగ్గర రైలుకూత తగ్గులోపల గుడిలో మైకు మొదలగును. మైకు ఆగులోపల పాలబండ్లు, కూరగాయల బండ్లు వచ్చును. దసరా దినములలో దేవీచౌకు సంరంభమును గూర్చి చెప్పనక్కరలేదు. రాయవరమున తెల్లవారుజామున కాకి అరచుట విని లేచెడివారము. ఇచ్చట కాకికే మాట వినబడదు. అయినను మనుష్యుని చెవి దేనికైనను అలవాటుపడును. నాలుగు నెలలైన పిమ్మట పండుగకు ఊరికి పోయినప్పుడు నిశ్శబ్దమువలన నిద్ర పట్టలేదని చెప్పినచో మా బంధువులు నమ్మలేదు.

సుఖములును లేకపోలేదు. పిల్లలు బడికి నడచిపోవుదురు. అర్ధరాత్రి జ్వరము వచ్చినను వీధి చివర వైద్యుడు కలడు. 1898లో వాసురాయకవి నెలకొల్పిన పుస్తకశాలనుండి పెరిగిన గౌతమీ గ్రంథాలయము నడచిపోవు దూరముననే యున్నది. అన్నింటికంటె మిన్నయైన సుఖము మరియొకటి. మా ఇల్లాలు సాయంకాలము ఒంటరిగా గోదావరిగట్టుకు పోయి గంటసేపు కూర్చుండి వచ్చినను, ఎందుకు పోయినదని అడుగువారు లేరు. రాయవరమున అదే పని చేసినయెడల ఇల్లు చేరులోపల ఆ వార్త మూడు వీధులు తిరిగి ఆమెకంటె ముందు మా గుమ్మము త్రొక్కియుండును. ఒకరి బ్రతుకు నొకరు కాచుకొని కూర్చుండకపోవుటయే పట్టణపు పెద్ద వరమని మేము పొంగిపోయితిమి. ఆ వరము అందరికిని సమానముగా దొరకుచున్నదా యని మాత్రము అప్పుడు మేము యోచింపలేదు.

యోచింపకపోవుటకు కారణము మేము ఇల్లు సంపాదించిన విధమే. పదునెనిమిది దినములు సందుగొందులు తిరిగితిమి. 'ఇల్లు అద్దెకు ఇవ్వబడును' అను బల్ల క్రిందనే పెక్కు చోట్ల 'శాకాహారులకు మాత్రమే' అను మాటయు కలదు. ఇది భోజన నియమమని పరదేశి యనుకొనవచ్చును. అట్టి బల్ల కట్టిన యొక ఇంటినుండియే పులసల కాలమున పులుసు వాసన రాగా మేమెరుగుదుము. ఆ మాట కూరకు సంబంధించినది కాదు. అడుగుటకు నోరు రాని మరియొక ప్రశ్నకు అది ముసుగు.

తుదకొక మేడ యెక్కుచుండగా మెట్లమీద ఒక యువకుడు ఎదురుపడెను. చేతిలో ఆసుపత్రి కొలువు తాలూకు గుర్తింపు చీటి కలదు. మమ్ముజూచి మర్యాదగా, "ఇంటికోసమాండీ? ఖాళీ లేదంటండి. ఇందాకే ఎవరో తీసేసుకున్నారంట" అని చెప్పి దిగిపోయెను. ఎక్కినది ఎటులను ఎక్కితిమిగదా యని మేము పైకి పోయితిమి. ఇంటి యజమానురాలు పెద్దావిడ. కూర్చుండబెట్టి మంచినీళ్లిచ్చి, "మీదేవూరండీ?" అనెను. చెప్పితిమి. "ఇంటిపేరేమిటండీ?" చెప్పితిమి. "రాయవరంలో ఏ వీధండీ?" అదియు చెప్పితిమి. పల్లెయందు వీధిపేరు చెప్పిన పిమ్మట కులము పేరు చెప్పవలసిన పనిలేదు. ఆమె ముఖము విప్పారెను. "ఆయ్, అయితే మనోళ్లేనన్నమాట! మంచిరోజు చూసుకుని సామాను తెచ్చేసుకోండి."

మేము సంతోషించితిమి. ఈ మాట దాచి ప్రయోజనము లేదు. ఐదు నిమిషములకు ముందు లేని ఇల్లు మాకై యెట్లు ఖాళీయయ్యెనో మాకు తెలియకపోలేదు. మెట్లు దిగునప్పుడు ఆ యువకుడు వీధిమలుపున మరియొక బల్ల చదువుచు నిలువబడియుండెను. మేము తల త్రిప్పుకొని పోయితిమి.

ఇదంతయు జరిగినది ఏ యూరిలో? 1881 డిసెంబరు 11వ తేదీన కందుకూరి వీరేశలింగము పంతులుగారు తొలి వితంతువివాహము జరిపించిన యూరిలో. ఆనాడు ఆయన యింట వంటవారు, నీరు తెచ్చువారు పని మానివేయగా ఆయన ధర్మపత్ని రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరినుండి నీరు మోసి తెచ్చి వండి పెట్టిరి. ఆ దంపతులను బంధువులు వెలివేసిరి. పంతులుగారి విగ్రహమునకు దండలు వేయు సభలకు మేమును పోయి చప్పట్లు కొట్టినవారమే. కాని ఆమె బిందె మోసిన గోదావరికి నడచిపోవు దూరమున ఒక మెట్లవరుసమీద ఒక్క మాట అనుటకు మాకు నోరు పెగలలేదు. "ఇందాక వచ్చినాయనకు ఇల్లు లేదంటిరేమండీ?" అను మాట చాలును, దానికి బిందె మోయనక్కరలేదు.

అంబేద్కరు మహాశయుడు విదేశములలో గొప్ప చదువు చదివి 1917లో బరోడా సంస్థానమున కొలువునకు చేరినపుడు ఆయనకు నిలువ నీడ దొరకలేదు. పేరు మార్చుకొని ఒక పార్సీ సత్రమున తలదాచుకొనగా, కొన్నాళ్లకే కొందరు కఱ్ఱలతో వచ్చి వెడలగొట్టిరి. ఆయన పేరు మా జిల్లాకు చేర్చవలెనన్న ప్రతిపాదనమీద 2022 మే 24వ తేదీన అమలాపురమున అల్లరులు చెలరేగి ప్రజాప్రతినిధుల యిండ్లు తగులబెట్టబడెను. నూరేండ్లు గడచినను ఆ పేరునకు ఇల్లు దొరకుట కష్టముగనే యున్నది.

ఇంతవరకు ఇతరుల తప్పు చెప్పినట్లున్నది. ఇక మాది. మేము పట్టణము చేరిన పిమ్మట రాయవరమునందలి మా ఇల్లు తాళము వేసియుండెను. ఆ ప్రాంతపు బడికి క్రొత్తగా వచ్చిన ఉపాధ్యాయుడొకరు భార్యాబిడ్డలతో నుండుటకు అద్దెకిండని ఫోనులో అడిగిరి. మేము ఆయననేమియు అడుగలేదు. ఊరిలోని మా పెదతల్లి నడిగితిమి. ఆమె విచారించి, "మనకి కుదరదురా" అని ఒక్క మాట చెప్పెను. "బంధువులు వచ్చుచున్నారండీ, ఏమీ అనుకోకండి" అని మేము ఆయనతో బొంకితిమి. రానున్న బంధువులెవ్వరును లేరు. ఏడాదిపాటు ఆ యింట చెదలు కాపురముండి దర్వాజా తినివేసెను. ఆయన ప్రతిదినము రామచంద్రపురమునుండి బస్సులో వచ్చి మా యూరి పిల్లలకు చదువు చెప్పిపోయెను.

ఈ సంగతి ఇంట మాటలాడుకొనుచుండగా మా అమ్మాయి విని, "అయితే ఆ మెట్లమీద అన్నయ్యకి మేడమీది మామ్మగారు చెప్పింది, మాస్టారికి మనం చెప్పింది ఒకటేగా?" అనెను. పండ్రెండేండ్ల పిల్ల. మాకు బదులు తోచలేదు.

"నా యిల్లు, నా యిష్టము" అని కొందరందురు. అమెరికాయందును తెల్లవారిట్లే అనిరి. నల్లవారి కిండ్లు అమ్మరాదను ఒడంబడికలను న్యాయస్థానములు అమలుపరుపరాదని ఆ దేశపు సుప్రీముకోర్టు 1948లో తీర్పుచెప్పెను. అమ్మకమునందును అద్దెయందును జాతిభేదము చూపరాదని 1968లో అచ్చట చట్టమే వచ్చెను. మన రాజ్యాంగపు 17వ అధికరణము అంటరానితనమును నిషేధించినది. అయినను ఒక మతమువారి గృహనిర్మాణ సహకార సంఘము తమవారికే సభ్యత్వమను నియమము పెట్టుకొనవచ్చునని మన సుప్రీముకోర్టు 2005లో తీర్పుచెప్పెను. చట్టము నాలుగు రోడ్ల కూడలివరకు వచ్చినను మన గడప దాటి లోనికి వచ్చుట కష్టము. "ఇంటిపేరేమిటండీ?" అని నవ్వుచు అడిగినవారిని ఏ పోలీసు పట్టుకొనగలడు? గడపలోపలి సంస్కారము గృహస్థులే చేసికొనవలెను.

మేము ఉపాధ్యాయునికి ఫోను చేసి, ఆనాడు చెప్పినది అబద్ధమని ఒప్పుకొని, ఇప్పుడైనను రండని కోరితిమి. ఆయన కొంతసేపు మాటాడక, "ఫర్వాలేదండీ. మాకు ఇల్లు దొరికింది" అని మర్యాదగా పెట్టివేసిరి. ఆ మర్యాద మాకు తగిన శిక్ష. తరువాత వచ్చినవారిని మేము మూడే ప్రశ్న లడిగితిమి: ఎందరుందురు, ఎన్నాళ్లుందురు, అద్దె యే తేదీన నిత్తురు. వారే యిప్పుడు కాపురమున్నారు. మా పెదతల్లి ఆ గుమ్మము త్రొక్కుట మానివేసెను; కాని పెరటిలోని కరివేపాకు మాత్రము పిల్లలచేత కోయించుకొనుచున్నదట. కరివేపాకు వెనుకనే ఆమెయు ఒకనాడు రాగలదని మా ఆశ.

మేడమీది పెద్దావిడ సంగతి మిగిలినది. ఆమె మాకు కష్టసుఖములలో తోడుగా నున్నది. మా పిల్లకు జ్వరము వచ్చినపుడు రాత్రియంతయు మేలుకొన్నది. అందుచేతనే ఆమెతో చెప్పుట మరింత కష్టమయ్యెను. మొన్న ప్రక్కవాటా ఖాళీ కాగా, ఎవరు ముందు వచ్చిన వారికి ఇండని ధైర్యము చేసి యడిగితిమి. ఆమె కోపపడలేదు. "మీకేమండీ, చెబుతారు. రేపు మా అన్నదమ్ములు నా గుమ్మంలోకి వస్తారా?" అనెను. ఆ మాటలో ద్వేషము కంటె భయమే యెక్కువగా వినబడెను. తనవారు విడుతురను భయము ఆమెకు, ఆమె యిల్లు విడువుమనునేమో యను భయము మాకు. ఇట్టి చిన్న చిన్న భయములే ఆ గుమ్మమునకు కావలి కాయుచున్నవి.

ఆ వాటా రెండు నెలలనుండి ఖాళీగనే యున్నది. బల్ల వ్రేలాడుచునే యున్నది. మేము మరల అడిగెదము. చదువరులారా, మీ వీధిలోను అట్టి బల్ల యొకటి యుండవచ్చును. మీ గోడకే యుండవచ్చును. మెట్లమీద ఎవరైన ఎదురై "ఖాళీ లేదంటండి" అని చెప్పినపుడు, మావలె తల త్రిప్పుకొనక, వారిని వెంటబెట్టుకొని పైకి పొండు.