హైదరాబాద్ రోడ్డు మీద మూడో సిలిండర్

మన సోలాపూర్ నుంచి హైదరాబాద్ పోయే రోడ్డును ఇప్పుడు 65వ నంబరు హైవే అంటున్నారు. పాత డ్రైవర్లకు మాత్రం అది ఇంకా తొమ్మిదో నంబరు రోడ్డే. పుణెలో మొదలై మచిలీపట్నం దాకా పోతుంది. మన తాతలు చాలామంది ఈ రోడ్డున రాలేదు. నిజాం రైలెక్కి, వాడి జంక్షన్లో బండి మారి, సోలాపూర్ స్టేషన్లో దిగి, మిల్లు భోంగా ఎటు మోగితే అటు నడిచారు. రోడ్డు మనవళ్ల కాలానిది. టవళ్లు, చద్దర్లు అటు పోతాయి. పెళ్లి సంబంధాలు, చింతపండు, అల్లం ఇటు వస్తాయి. నెలకు నాలుగైదు సార్లు నేనూ అటూ ఇటూ తిరుగుతుంటాను.

నాది 2009 మోడల్ డీజిల్ పికప్. ఇరవై ఏళ్లు సాంచాల మీద పనిచేసి, మా ఆవిడ బీడీల పీఎఫ్ డబ్బులు కూడా కలిపి, సెకండ్‌హ్యాండులో కొన్న బండి. మొన్న బతుకమ్మకు పది రోజుల ముందు అది మిస్సింగ్ కొట్టడం మొదలుపెట్టింది. పొద్దున స్టార్ట్ చేస్తే తెల్ల పొగ, కళ్లు మండే పచ్చి డీజిల్ వాసన. నిలబెట్టి ఉంచితే ఇంజన్ దడదడ వణుకుతుంది. నాలుగు దెబ్బలు పడాల్సిన చోట మూడు పడి, ఒకటి ఖాళీ. సాంచాల షెడ్డులో పెరిగిన చెవికి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. పది సాంచాలు ఆడుతుంటే ఒక్కదాని దెబ్బ సరిగా పడకపోయినా, మూలన కండెలు చుట్టే ముసలమ్మ కూడా తల ఎత్తి చూస్తుంది కదా, అట్లాగే.

ఇంటి దగ్గరి గ్యారేజీలో చూపించాను. పొగ చూసి, బానెట్ కూడా ఎత్తకుండా, "కంప్రెషన్ పోయింది, రీబోర్ చెయ్యాలె, డెబ్బై వేలు పెట్టుకో" అన్నారు. డెబ్బై వేలంటే ఎన్ని వేల బీడీలు చుట్టాలో మా ఆవిడ అక్కడికక్కడే లెక్క కట్టింది. ఆ లెక్క ఇక్కడ రాయను. వచ్చే నెల ఫిట్‌నెస్ ఉంది, ఈ పొగతో పీయూసీ కూడా రాదు. మా బామ్మర్ది మాట ఇంకోటి: "తుక్కు కింద అమ్మెయ్ బావా, ఇంకెన్ని రోజులు మోస్తవ్?" బండి అమ్మితే మళ్లీ సాంచా దగ్గర నిలబడాలి. యాభై దాటాక రాత్రి పాళీ చెయ్యడం ఏమిటో ఈ పత్రిక చదివేవాళ్లకు నేను చెప్పేదేముంది?

ఈలోగా లోడు వచ్చింది. టెర్రీ టవళ్లు నలభై గాఁఠలు, హైదరాబాద్‌లో మదీనా దగ్గరి దుకాణానికి, సాయంత్రం ఏడు లోపల దించాలి. మన టవల్‌కూ చద్దర్‌కూ జీఐ గుర్తింపు ఉన్నా, లేటుగా చేరిన టవల్‌కు అక్కడ రేటు కోసేస్తారు. కార్ఖానాలో వారం కూలీలు ఆ డబ్బు మీదే ఆధారం. పొద్దున అయిదింటికి బామ్మర్దిని పక్కన కూర్చోబెట్టుకుని బయల్దేరాను. బండి మూడు కాళ్ల మీద నడిచే ఎద్దులాగా కదిలింది.

బోరామణి దాటేసరికి తెల్లవారింది. రెండు పక్కలా నల్లరేగడి, జొన్న, కంది. నల్దుర్గ్ దగ్గర టీకి ఆగాం. సోలాపూర్‌లో పుట్టి కూడా ఈ కోట లోపలికి పోనివాళ్లు మనలో బోలెడుమంది ఉన్నారు, అది బాగాలేదు. బోరీ నది కోట పక్క నుంచి పోతుంది. దానికి అడ్డంగా రెండో ఇబ్రహీం ఆదిల్‌షా కాలంలో నల్లరాతి ఆనకట్ట కట్టారు. ఆ ఆనకట్ట కడుపులోనే గదులు ఉన్నాయి, దాన్ని పానీ మహల్ అంటారు. వానాకాలం నది నిండితే నీళ్లు ఆ గదుల మీది నుంచి రెండు ధారలుగా దూకుతాయి. లోపల నిలబడ్డ మనిషి తడవడు. నీళ్లు ఎటు పోవాలో, ఎటు పోకూడదో నాలుగు వందల ఏళ్ల కింద లెక్క కట్టి పెట్టిన మేస్త్రీలు వాళ్లు. పిల్లల్ని తీసుకుని సెప్టెంబరులో ఒక ఆదివారం పోయి రండి. సోలాపూర్ నుంచి యాభై కిలోమీటర్ల లోపే.

నల్దుర్గ్ దాటాక ఎత్తు ఎక్కేటప్పుడు బండి పూర్తిగా నీరసపడింది. మూడో గేరు నుంచి రెండుకు, రెండు నుంచి ఒకటికి. వెనక లారీలు హారన్ల మీద హారన్లు. ఉమర్గా చేరేసరికి ఎనిమిదిన్నర. ఊరి బయట వేపచెట్టు కింద రేకుల షెడ్డు, ముందు రెండు ట్రాక్టర్లు, తలకు రుమాలు చుట్టుకున్న ముసలి మిస్త్రీ. మేము తెలుగులో మాట్లాడుకోవడం విని ఆయనే తెలుగులోకి వచ్చాడు. మలక్‌పేటలో ఎనిమిదేళ్లు పనిచేశాడట. ఉమర్గా, హుమ్నాబాద్, జహీరాబాద్ మూడూ 1956 దాకా ఒక్క హైదరాబాద్ రాష్ట్రమే. ఆ ఏడు నవంబరులో ఒకటి మరాఠీ వైపు, ఒకటి కన్నడ వైపు, ఒకటి తెలుగు వైపు పోయాయి. రోడ్డు పక్క మిస్త్రీల నోట్లో మాత్రం ఆ మూడూ, వాటి మీద దక్కనీ, ఇంకా కలిసే ఉన్నాయి.

రీబోర్ సంగతి చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. "బండి చాలూ పెట్టు" అన్నాడు, అంతే.

ఇంజన్ ఆడుతుండగా 17 నంబరు పానా తీసుకుని, మొదటి నాజిల్ మీది పైపు నట్టు అర చుట్టు వదులు చేశాడు. డీజిల్ చిమ్మింది, ఇంజన్ ఒక్కసారి కుంగి ఇంకా ఎక్కువ వణికింది. బిగించాడు, మామూలైంది. రెండోది వదులు చేశాడు, అట్లాగే కుంగింది. మూడోది వదులు చేస్తే ఏమీ కాలేదు. చప్పుడులో ఇసుమంత తేడా లేదు. నాలుగోది వదులు చేస్తే మళ్లీ కుంగింది.

"చూసినవా తమ్మీ? బతికున్నోణ్ణి గిచ్చితే లొల్లి పెడ్తడు. మూడు నంబర్ ముందే పడుకున్నడు."

మా బామ్మర్ది కళ్లు అప్పుడు పెద్దవయ్యాయి. ఇంజన్ మొత్తం పోయిందన్న మాట అక్కడికి నాలుగో వంతుకు తగ్గింది. ఇంకో సంగతి కూడా తేలింది. మూడో పైపు వదులు చేసినప్పుడు డీజిల్ ఆగి ఆగి బలంగానే చిమ్మింది, అంటే పంపు దానికి సరిగానే పంపుతోంది. ఇక మిగిలినవి రెండే. పంపిన డీజిల్‌ను నాజిల్ సరిగా చల్లకపోవాలి, లేకపోతే సిలిండర్‌లో కంప్రెషన్ లేక అది కాలకపోవాలి. మొదటిదైతే వందల్లో ఖర్చు, రెండోదైతే వేలల్లో.

మిస్త్రీ ఇంజన్ ఆయిల్ పోసే మూత తీసి చూశాడు. రింగులు అరిగితే అక్కడి నుంచి పొగ బుసబుసా కొడుతుంది. సన్నగా ఆవిరిలాంటిది వచ్చింది, అంతే. రేడియేటర్ మూత, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే తెరవాలి కాబట్టి, దాని పక్క డబ్బాలో బుడగలు వస్తున్నాయేమో చూశాడు. రాలేదు, హెడ్ గ్యాస్కెట్ మీద అనుమానం తగ్గింది. అయినా ఆయన తీర్పు చెప్పలేదు. "ఇప్పుడు ఇండ్లు మార్పిద్దాం" అన్నాడు.

ఇంజన్ ఆపి, కాస్త చల్లారనిచ్చి, మూడో నాజిల్, నాలుగో నాజిల్ రెండూ ఊడదీశాడు. నాలుగో దాని మొన పొడిగా, బూడిద రంగులో ఉంది. మూడో దాని మొన నల్లగా, పచ్చి డీజిల్‌తో తడిసి ఉంది. కింద ఉండే రాగి వాషర్లు పాతవి తీసి కొత్తవి వేసి, మూడోది నాలుగో గుంటలో, నాలుగోది మూడో గుంటలో పెట్టాడు. పైపుల్లో గాలి పోయేదాకా నట్లు వదులుగా ఉంచి సెల్ఫ్ కొట్టించాడు. బండి స్టార్ట్ అయింది, మిస్సింగ్ అట్లాగే ఉంది. మా వాడి మొహం పడిపోయింది. మిస్త్రీ నవ్వి మళ్లీ పానా తీశాడు. మూడో నట్టు వదులు చేస్తే ఇంజన్ కుంగింది. నాలుగోది వదులు చేస్తే ఏమీ లేదు.

జబ్బు నాజిల్‌తో పాటే ఇల్లు మారింది. సిలిండర్‌లో కంప్రెషన్ లేకుంటే అది మూడో గుంటలోనే ఉండిపోయేది. నేను ఆ షెడ్డు ముందు నేల మీద కూర్చుండిపోయాను. మా ఆవిడకు ఫోన్ చేసి "డెబ్బై వేలు కాదంట" అన్నాను. "మరి ఎంత?" అంది. ఆమెకు కావల్సింది అంకె.

ఆ నంబరు నాజిల్ ఆయన దగ్గర లేదు. సిగరెట్ అట్ట మీద నంబరు రాసిచ్చి, జహీరాబాద్‌లో పంపు–నాజిల్ షాపు ఎక్కడుందో చెప్పి, మూడు వందలు తీసుకున్నాడు. "కొత్త బండ్ల మీద ఈ పని చెయ్యొద్దు" అని బామ్మర్దికి వేలు చూపించి మరీ చెప్పాడు. అది అందరూ గుర్తుపెట్టుకోవలసిన మాట. పాత ఇంజన్లలో నాజిల్ తెరుచుకునే ఒత్తిడే సుమారు 200 బార్లు. మన పికప్ టైరులో ఉండే గాలి నాలుగు బార్ల చుట్టుపక్కల. కొత్త కామన్ రైల్ బండ్లలో అది వెయ్యి దాటుతుంది, ఆ ధార చర్మాన్ని కోసి లోపలికి పోతుంది. వాటిని మిషన్ పెట్టి చూసేవాళ్లకే చూపించాలి. పెట్రోలు బండ్లయితే ఇదే పరీక్షను ప్లగ్గు వైరుతో చేస్తారు, ఉత్త చేత్తో కాదు.

ఉమర్గా దాటి కర్ణాటకలోకి పోయాం. బసవకల్యాణ్ పోయే అడ్డరోడ్డు వచ్చింది. బసవన్న పనిచేసిన కల్యాణం అదే, అంతకు ముందు చాళుక్యుల రాజధాని. మూడు సిలిండర్లతో అటు తిరిగే ధైర్యం లేక బయటి నుంచే దండం పెట్టాం. హుమ్నాబాద్ దగ్గర పడుతుంటే నేల రంగు మారుతుంది. అప్పటిదాకా ఉన్న నల్లరేగడి పోయి ఎర్రమట్టి, ఎర్రరాయి తేలతాయి. బీదర్ పీఠభూమి అంతా ఆ రాయే. నేల ఎర్రబడితే మనూరు దగ్గరికొచ్చిందని మా నాయన అనేవాడు. ఆయన పుట్టింది నల్గొండ వైపు. నాకు ఏది మనూరో ఇప్పటికీ తేలలేదు, కానీ అక్కడ నా చెయ్యి కూడా స్టీరింగ్ మీద కొంచెం వదులవుతుంది.

జహీరాబాద్‌లో ఒంటిగంట. షాపు అబ్బాయికి పాతికేళ్లు ఉంటాయేమో. నాజిల్‌ను టెస్టర్‌కు బిగించి లివర్ నొక్కాడు. మంచి నాజిల్ అయితే కిర్రుమని పొగమంచులాగా చల్లుతుంది. మాది కారే కుళాయిలాగా బొట్లు బొట్లుగా వదిలింది. దాన్ని విప్పి లోపలి సూదిని వెలుగులో చూపించాడు, ఎర్రటి గీతలు. "ట్యాంకుల తుప్పు అన్నా. నాజిల్ మారుస్త, మరి ట్యాంకు?" అన్నాడు. ఫిల్టర్ కింది స్క్రూ వదులు చేస్తే మొదట టీ రంగు నీళ్లు వచ్చాయి, తర్వాత డీజిల్. కొత్త నాజిల్, కొత్త ఫిల్టర్, మిగతా మూడింటి ప్రెషర్ కూడా సమానం చేసి, కూలీతో కలిపి పదహారు వందలు. బండి స్టార్ట్ చేస్తే బామ్మర్ది బానెట్ మీద చెయ్యి పెట్టి కాసేపు తీయలేదు. నాలుగు దెబ్బలూ వరుసగా పడుతున్నాయి.

సదాశివపేట, సంగారెడ్డి ఎట్లా దాటామో గుర్తు లేదు, అంత హాయిగా దాటాం. పటాన్‌చెరు ట్రాఫిక్‌లో గంట పోయింది. ఆరున్నరకు మదీనా దగ్గర గాఁఠలు దించాం. రేటు కోయలేదు.

తర్వాతి ఆదివారం ఇంటి ముందు ట్యాంకు దించి, కిరోసిన్ పోసి, చిన్న గొలుసు వేసి ఊపాం. కంకుమ రంగు పెళుసులు చారెడు రాలాయి. సోమవారం పీయూసీ వచ్చింది. పాత నాజిల్ మా ఆవిడ బీడీ ఆకు కత్తిరించే చోట కిటికీలో పెట్టుకుంది, ఎందుకో అడగలేదు. తుక్కు కింద అమ్మెయ్‌మన్న మా బామ్మర్ది మాత్రం 17 నంబరు పానా ఒకటి కొనుక్కున్నాడు. గల్లీలో ఏ పాత టెంపో దగ్గినా వాడే ముందు పోయి, "ఆగండి, ఎవడు పడుకున్నడో చూద్దాం" అంటున్నాడు.