చౌక చక్రాల జత: బల్ల మీద విప్పి చూస్తే

ఫిక్స్‌డ్ గేర్ సైకిల్ వెనక చక్రంలో ఫ్రీవీల్ ఉండదు. పళ్ళున్న కాగ్ నేరుగా హబ్బుకే బిగిసి ఉంటుంది కనక చక్రం తిరిగినంతసేపూ పెడళ్ళూ తిరుగుతాయి. వాటిని కాళ్ళతో వెనక్కి అదిమి పడితే బండి నెమ్మదిస్తుంది. మామూలు సైకిల్లో వెనక హబ్బుకూ స్పోకులకూ బండిని ముందుకు లాగడంతో పని తీరుతుంది. ఇక్కడ ఆపే భారం కూడా వాటి మీదే పడుతుంది. ఈ సైకిళ్ళ కోసం అమ్మే చౌక రకం చక్రాల జతను కొనవచ్చా అన్న ప్రశ్నకు జవాబు చెప్పాలంటే, ఆ రెండు పనులకూ అది ఎంతవరకు తట్టుకుంటుందో చూడాలి.

హైదరాబాద్‌లో ఈ చక్రాలతో అవసరం పడేవాళ్ళు ముఖ్యంగా రెండు రకాలు. 2002 జాతీయ క్రీడల కోసం ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణలో కట్టిన వెలోడ్రోమ్ వంటి చోట్ల ట్రాక్ పందేలకు సాధన చేసేవాళ్ళు మొదటి రకం. ట్రాక్ పందెపు సైకిలంటేనే ఫిక్స్‌డ్ గేర్. రోడ్డు మీద సరదాగానో, కొలువుకు వెళ్ళడానికో ఫిక్సీ, అంటే ఫిక్స్‌డ్ గేర్ సైకిల్, తొక్కే కుర్రకారు రెండో రకం. ఇలాంటివాళ్ళ చక్రాలు విప్పి బిగించే ఒక చిన్న మరమ్మతు దుకాణానికి ఈ వ్యాసకర్త వెళ్ళేసరికి, అప్పుడే అట్టపెట్టెలోంచి తీసిన ఒక జత బల్ల మీద ఉంది. 40 మిల్లీమీటర్ల లోతున్న నల్ల రిమ్ములు, చక్రానికి 32 స్పోకులు, ఒక వైపు కాగ్‌కూ మరో వైపు ఫ్రీవీల్‌కూ మరలున్న వెనక హబ్బు. బజారులో చౌక జత అని దేన్ని అమ్ముతారో దానికి ఇది సరైన నమూనా.

జత తెచ్చిన కుర్రాడి ఉద్దేశం టైర్లు ఎక్కించుకుని వెళ్ళిపోవడమే. “అన్నా, కొత్త చక్రాలే గదా, సీదా ఎక్కిస్తే అయిపోతది గదా?” అన్నాడు. “ఎక్కియ్యొచ్చు తమ్మీ. గని నెల తిరగకముందే మళ్ల ఈడికే తెస్తవు” అని దుకాణం నడిపే ఉస్తాద్ జవాబు. అంటూనే చక్రాన్ని స్టాండులో బిగించి స్పోకుల్ని వేలి గోటితో ఒక్కొక్కటే మీటాడు. రిమ్ము చూపుకు తిన్నగానే తిరుగుతోంది, బెండు లేదు. స్పోకుల మోత మాత్రం ఒక్కటిగా లేదు. ఒకటి ఖణీమంటే పక్కది డొల్లుగా పలికింది.

చౌక చక్రాల సంగతి చాలావరకు ఆ మోతలోనే ఉంది. చక్రం ఖరీదులో లోహం విలువ కొంతే. మిగతాది దాన్ని పొందిగ్గా బిగించే మనిషి కాలం. స్టాండు ముందు కూర్చుని ఒక చక్రాన్ని మొదటినుంచీ అల్లి, లాగి, సరిచేయడానికి చేయి తిరిగినవాడికి సుమారు గంట పడుతుంది. చౌక జతను యంత్రం అల్లుతుంది. రిమ్ము తిన్నగా కనిపించగానే యంత్రం పని ముగుస్తుంది. స్పోకులన్నీ సమానంగా లాగుతున్నాయా అన్న విచారణకు ఆ ధరలో చోటు ఉండదు. తయారీదారు మిగుల్చుకున్నది ముఖ్యంగా ఈ కాలాన్నే కనక, దాన్ని తరవాత ఎవరో ఒకరు తిరిగి పెట్టవచ్చు. నాసిరకం లోహాన్ని మాత్రం ఎవరూ బాగుచేయలేరు. కొనేవాడు విడదీసి చూడాల్సింది ఈ రెంటినీ.

చక్రం మీద బరువు పడినప్పుడు నేలకు దగ్గరగా ఉన్న కొన్ని స్పోకుల లాగుడు తగ్గుతుంది. అవి పైకి తిరిగి వెళ్ళగానే మళ్ళీ బిగుస్తాయి. సన్నటి టైరు వేసిన 700సి చక్రం చుట్టుకొలత సుమారు 2.1 మీటర్లు. అంటే కిలోమీటరుకు ప్రతి స్పోకూ దాదాపు 475 సార్లు సడలి బిగుస్తుంది. వెయ్యి కిలోమీటర్లకు లెక్క నాలుగున్నర లక్షలు దాటుతుంది. మొదటే వదులుగా ఉన్న స్పోకు ఈ క్రమంలో పూర్తిగా సడలిపోతుంది. అప్పుడు దాన్ని రిమ్ముకు పట్టి ఉంచే మర, అంటే నిపిల్, దానంతటదే తిరిగి ఊడడం మొదలుపెడుతుంది. పక్క స్పోకుల మీద భారం పెరుగుతుంది. హబ్బు అంచులో దూరి వంపు తిరిగే మోచేయి దగ్గర లోహం అలిసి చివరికి విరుగుతుంది. సైకిల్ స్పోకు ఒక్క దెబ్బకు తెగడం అరుదు. తెగిన వాటిలో ఎక్కువ ఇలా అలసటతో పోయినవే. సాధారణమైన అల్యూమినియం రిమ్ముకు స్పోకు లాగుడు 100 నుంచి 120 కిలోల మధ్య ఉంటే మంచిదని చక్రాలు కట్టేవాళ్ళ వాడుక. అంతకన్నా ముఖ్యం, ఒకే వైపున్న స్పోకులన్నీ ఇంచుమించు ఒకే లాగుడులో ఉండడం.

ఫిక్స్‌డ్ గేర్‌కు ఒక గొప్ప వెసులుబాటు ఉన్నది ఈ విషయంలోనే. చౌక చక్రాల గురించిన మాటల్లో అది తరచూ మరుగున పడిపోతుంది. గేర్ల సైకిల్లో వెనక హబ్బు కుడివైపున పళ్ళచక్రాల గుత్తికి చోటివ్వాలి కనక స్పోకులు దూరే కుడి అంచు, అంటే కుడి ఫ్లాంజి, మధ్యకు జరుగుతుంది. రిమ్ము మాత్రం ఫ్రేము నడుమనే ఉండాలి. ఫలితంగా కుడి స్పోకులు నిటారుగా నిలిచి గట్టిగా లాగుతాయి, ఎడమ స్పోకులకు వాటి లాగుడులో సుమారు సగమే అందుతుంది. చౌక చక్రాల్లో ఆ ఎడమ స్పోకులే ముందు వదులవుతాయి. ఫిక్స్‌డ్ గేర్ వెనక హబ్బులో ఒక్క కాగ్‌కు చోటుంటే చాలు. ఇరుసు మీద ఫ్రేములో ఇమిడే వెడల్పు 120 మిల్లీమీటర్లు, ఫ్లాంజిలు రెండూ నడిమి గీతకు దాదాపు సమదూరంలో ఉంటాయి. రెండు వైపులా లాగుడు సమానం. చక్రం స్వతహాగా బలమైనది. అందుకే అదే నాణ్యత గల రిమ్ము, అవే స్పోకులు గేర్ల సైకిల్లో కన్నా ఫిక్సీలో ఎక్కువ కాలం నిలుస్తాయి. డబ్బు తక్కువ పెట్టి చక్రాలు కొనాలంటే ఇంతకంటే అనువైన సైకిల్ లేదు.

బల్ల మీది జతకు దుకాణంలో జరిగిన పని ఇది. ముందు నిపిళ్ళ మొదళ్ళలో ఒక్కో చుక్క నూనె. తరవాత మరీ వదులుగా పలికిన స్పోకుల్ని కొంచెం బిగించి, మరీ బిగువైన వాటిని కొంచెం వదిలి, మోత దగ్గర దగ్గరకు వచ్చాక అన్నింటినీ పావు చుట్టు చొప్పున పెంచడం. ప్రతి విడతకూ బెండు చూసుకోవడం. చివరికి సమాంతరంగా పోయే రెండేసి స్పోకుల్ని గుప్పిట్లో పట్టి గట్టిగా నొక్కడం. ఈ నొక్కడాన్ని ఉత్త ఆచారమనుకునేవాళ్ళు ఉన్నారు గాని, దానికి కారణం ఉంది. మోచేయి దగ్గర తయారీలో మిగిలిపోయిన లోపలి ఒత్తిడిని అది తీసేస్తుంది. అమెరికన్ ఇంజనీరు జాబ్స్ట్ బ్రాంట్ 1981లో వెలువడిన ‘ది బైసికిల్ వీల్’ అనే పుస్తకంలో దీన్ని వివరించాడు. నొక్కినప్పుడు టకటకమని చప్పుళ్ళు వచ్చాయి. బిగించేటప్పుడు మెలిపడిన స్పోకులు విప్పుకునే చప్పుడది. అవి ఆగిపోయేదాకా నొక్కి మళ్ళీ బెండు తీశాక గాని చక్రం స్టాండు దిగలేదు.

రిమ్ముల దగ్గర ఆగాల్సింది తక్కువ. గోడ ఒక్కటే పొరగా ఉన్న రిమ్మును వదిలేయాలి. రెండు పొరల పెట్టె ఆకారం చౌకలోనూ దొరుకుతుంది. చౌక రిమ్ముల్లో రెండు కొసల్నీ అతకకుండా లోపల దిమ్మె పెట్టి జోడించడం సామాన్యం. ఆ జోడింపు దగ్గర బ్రేకు కొంచెం తడబడుతుంది తప్ప బలానికి లోటు లేదు. అసలు చిక్కు రంగుతో. బ్రేకు రబ్బరు తాకే పక్కగోడల మీద కూడా రంగు పూసిన రిమ్ములు అందం కోసం చేసినవి. రంగు అరిగేదాకా బ్రేకు సరిగా పట్టదు, అరిగాక అందం మిగలదు. ఫిక్సీకి ముందు బ్రేకు పెట్టుకునేవాళ్ళు (రోడ్డు మీద తొక్కేవాళ్ళు అందరూ పెట్టుకోవాలి) పక్కగోడ చెక్కి లోహం తేలిన రిమ్మునే అడగాలి. ఇక బరువు. లోతైన చౌక రిమ్ములు బరువైనవే. జత మొత్తంలో 400 గ్రాములు ఎక్కువైందనుకుందాం. అంచున తిరిగే బరువు వేగం పుంజుకునేటప్పుడు రెట్టింపుగా లెక్కకొస్తుంది కనక అది 800 గ్రాములతో సమానం. మనిషీ సైకిలూ కలిసి 80 కిలోలైతే తేడా నూటికి ఒక వంతు. పందెంలో అది విలువైనదే. కొలువుకు వెళ్ళేవాడు దాని కోసం రెట్టింపు ధర పెట్టనక్కరలేదు.

హబ్బు వేరే సంగతి. అక్కడ పొరపాటు జరిగితే ఏ స్టాండూ సరిచేయలేదు. కాగ్ కూర్చునే చోట 1.37 అంగుళాల వ్యాసంతో, అంగుళానికి 24 చొప్పున కుడి మరలుంటాయి. దాని పక్కనే కొంచెం చిన్న మెట్టు మీద 1.29 అంగుళాల ఎడమ మరలు, కాగ్ ఊడకుండా పట్టే లాక్‌రింగ్ కోసం. పెడళ్ళను వెనక్కి అదిమినప్పుడు కాగ్ ఊడే దిశలో కదలబోతుంది. లాక్‌రింగ్‌ది ఎడమ మర కనక కాగ్ దాన్ని తిప్పబోతే అది ఇంకా బిగుస్తుంది. ఇంత చక్కని ఏర్పాటు కూడా అల్యూమినియం మెత్తగా ఉండి, మరలు లోతు లేకుండా తెగి ఉంటే ఏమీ చేయలేదు. కాగ్ ముందుకూ వెనక్కూ ఆడడం మొదలైందంటే అది మరల్ని తురిమి పారేస్తుంది. 70 కిలోల మనిషి 170 మిల్లీమీటర్ల క్రాంకు మీద నిలబడితే, ముందు 48 పళ్ళూ వెనక 16 పళ్ళూ ఉన్న బండిలో వెనక హబ్బు మీద దాదాపు 39 న్యూటన్ మీటర్ల మెలి పడుతుంది. మామూలు హబ్బు ఆ మెలిని ఒకే దిశలో మోస్తుంది. ఫిక్స్‌డ్ హబ్బు వెనక్కి అదిమిన ప్రతిసారీ ఎదురు దిశలో కూడా మోయాలి. కొనేముందు లాక్‌రింగ్‌ను చేత్తో తిప్పి చూడాలి. అది కనీసం మూడు నాలుగు చుట్లు నున్నగా, ఊగకుండా ఎక్కాలి. ఇటలీ కొలత లాక్‌రింగులు 1.32 అంగుళాలవి. పొరపాటున అలాంటిది తెచ్చి ఆంగ్ల కొలత హబ్బుకు పెడితే వదులుగా కూర్చుని మరల అంచుల్ని కొరికేస్తుంది.

రెండు వైపుల హబ్బుల్లో ఇంకో ఉచ్చు ఉంది. ఫ్రీవీల్ వైపు మర కూడా 1.37 అంగుళాలదే, కాబట్టి కాగ్ అక్కడా ఎక్కుతుంది. లాక్‌రింగ్‌కు మాత్రం మెట్టుండదు. క్రాంకు దగ్గరి బాటమ్ బ్రాకెట్ రింగును తెచ్చి అడ్డంగా బిగించి సరిపెట్టుకునేవాళ్ళున్నారు. అది కూడా కుడి మరే కనక వెనక్కి అదిమితే కాగ్‌తో కలిసి ఊడుతుంది. ఇలాంటి హబ్బుకు సైకిల్ లోకంలో ‘సూసైడ్ హబ్’ అన్న పేరు ఊరికే రాలేదు. మెట్టు లేని హబ్బు ఎంత చౌకగా వచ్చినా ఫిక్స్‌డ్ గేర్‌కు పనికిరాదు.

బేరింగుల విషయంలో చౌకతనం పెద్ద నష్టం కాదు. విడి గుండ్లూ కోనూ ఉన్న పాతరకం హబ్బును ఇంట్లోనే విప్పి, కడిగి, గ్రీజు పెట్టుకోవచ్చు. కొత్తది కొన్నప్పుడే ఒకసారి విప్పడం మంచిది, ఎందుకంటే ఫ్యాక్టరీలో గ్రీజు పీనాసిగా పెడతారు, కోనులు అతిగా బిగిస్తారు. బల్ల మీది జతలో మూసిన బేరింగులున్నాయి. వాటిలో వాడే 6000 రకం బేరింగు, 10 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం, 26 బయటి వ్యాసం, 8 మందంతో, సైకిళ్ళతో సంబంధం లేని యంత్రాలకు కూడా వాడేదే కనక ఏ బేరింగుల అంగట్లోనైనా దొరుకుతుంది. గరగరలాడితే కొత్తది దిగ్గొట్టుకోవచ్చు. ఉస్తాద్ ఇరుసును రెండు వేళ్ళతో తిప్పి చూసి మాట్లాడకుండా పక్కన పెట్టాడు. ఈ దుకాణంలో మెప్పు అంటే అంతే.

అల్లిక గురించి ఒక హెచ్చరిక. హబ్బు నుంచి రిమ్ముకు సూటిగా పోయే స్పోకుల అల్లిక చూపుకు బాగుంటుంది, ముందు చక్రానికి సరిపోతుంది. వెనక చక్రానికి మెలి మోసే శక్తి దానికి లేదు. మూడేసి స్పోకుల్ని దాటించే అల్లికలో సగం స్పోకులు ముందుకు లాగే మెలిని, మిగతా సగం వెనక్కి ఆపే మెలిని అందుకుంటాయి. ఫిక్స్‌డ్ గేర్‌కు కావలసింది సరిగ్గా ఇదే.

కాబట్టి చౌక జత కొనదగ్గదే, ఒక షరతు మీద. దాని ధరకు చక్రాలు సరిచేయించే కూలి కలిపి లెక్క చూసుకోవాలి. ఆ కూలి మిగుల్చుకోబోయినవాడికే చౌక చక్రం ఖరీదవుతుంది. ఎక్కువ డబ్బు న్యాయంగా రెండు చోట్ల పెట్టవచ్చు. వంద కిలోలకు దగ్గరపడే మనిషి 36 స్పోకుల చక్రాలు కట్టించుకోవడం మేలు. తరచూ వెనక చక్రాన్ని జారించి ఆపేవాడు మంచి హబ్బు మీద ఖర్చు పెట్టి రిమ్ములో పొదుపు చేయవచ్చు. రిమ్ము ఎప్పుడో ఒకప్పుడు గుంతలో పోయేదే, హబ్బు మూడు నాలుగు రిమ్ముల కాలం ఉంటుంది. జపాన్‌లో 1948లో కొకురాలో మొదలైన కైరిన్ పందేల్లో ఆమోదం పొందిన హబ్బులే వాడాలి. ఆ ముద్ర ఉన్న హబ్బు రోడ్డు మీది ఫిక్సీకి అలంకారమే అవుతుంది.

కాగ్‌ను బిగించే పని ఆఖరున వస్తుంది. మరలకు గ్రీజు రాసి, చైను పట్టీ ఉన్న పానాతో శక్తికొద్దీ బిగించి, లాక్‌రింగ్‌ను కొక్కెం పానాతో పట్టించాలి. ఆ తరవాత ఏదైనా ఎత్తు మీదికి గట్టిగా తొక్కితే కాగ్ ఇంకొంచెం కూర్చుంటుంది, లాక్‌రింగ్ దగ్గర సందు ఏర్పడుతుంది, దాన్ని మళ్ళీ బిగించాలి. చైను రెండు పళ్ళచక్రాల మధ్య తిన్నగా నడుస్తోందా అన్నది కూడా అప్పుడే చూడాలి. ట్రాక్ కొలత ప్రకారం నడిమి గీత నుంచి కాగ్ 42 మిల్లీమీటర్ల దూరంలో ఉండాలి. చౌక హబ్బుల్లో ఇది ఒకటి రెండు మిల్లీమీటర్లు తప్పినా ఇరుసు మీది వాషర్లు మార్చి సరిచేసుకోవచ్చు. చైను వంకరగా నడిచి ఊడితే వెనక చక్రం ఉన్నపళంగా బిగుసుకుపోయే ప్రమాదం ఉంది కనక దీన్ని తరవాత చూద్దామని వదిలేయకూడదు. మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు తొక్కాక చక్రాన్ని మరోసారి స్టాండెక్కించి స్పోకుల మోత వినాలి. ఆ రెండో తనిఖీకి ఈ దుకాణంలో వేరే కూలి తీసుకోరు.