బాగుచేద్దామనుకున్న కార్లు

అమెరికా పల్లెల్లో పాత కొట్టం వెనక, నడుం లోతు గడ్డిలో మునిగిన మజిల్ కారు, అంటే పెద్ద ఇంజన్ బిగించిన వేగం బండి, కనిపిస్తే, దాన్ని అక్కడ వదిలినవాడికి దానిమీద ప్రేమ లేదనిపిస్తుంది. చాలాసార్లు అది నిజం కాదు. ఎవరైనా తలుపు తట్టి కొంటామంటే ఆ ఇంటాయన చెప్పే మాట ఒకటే: అమ్మను, తీరిక చూసుకుని నేనే బాగుచేసుకుంటాను.

ఆ మాట వెనక ఆయన పడుచుతనం ఉంది. 1964లో పాంటియాక్ కంపెనీ మధ్యరకం కారులో 389 క్యూబిక్ అంగుళాల పెద్ద ఇంజన్ బిగించి జీటీవో తెచ్చింది. ఉద్యోగంలో చేరిన కుర్రాడికి వాయిదాల మీద అందిన వేగం అది. 1970కల్లా షెవెల్ అనే అలాంటి కారే 450 హార్స్‌పవర్ దాకా వెళ్లింది. తర్వాత బీమా ఖర్చు, పొగ నిబంధనలు, 1973 చమురు సంక్షోభం. నిన్నటి మోజు ఇవాళ పెట్రోలు తాగే పాత బండి అయింది. క్లచ్చో గేర్‌బాక్సో పోగానే పక్కకు తోశారు.

ఇనుము తుప్పు మొదలైతే ఆగదు. అల్యూమినియం మీద పట్టే పొర కింది లోహాన్ని కాస్తుంది. ఇనుము తుప్పు పెచ్చులుగా ఊడి, కొత్త లోహాన్ని తేమకు అప్పగిస్తుంది. మిషిగన్ వైపు చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పు దీన్ని ఇంకా తొందరపెడుతుంది. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది పైరేకు మీద అతికించే వినైల్ కప్పు. షోకు కోసం వేయించుకున్న ఆ కప్పే కింద నీటిని పట్టి ఉంచి, పైకి నిగనిగలాడుతూ రేకును తినేస్తుంది.

ఇలా మూలపడిన కార్ల కథ ఎటు తిరగవచ్చో 1968 నాటి ‘బుల్లిట్’ సినిమాలో పరుగెత్తిన రెండు ఆకుపచ్చ మస్టాంగు కార్లు చూపిస్తాయి. గెంతులు వేయించి నలగ్గొట్టినదాన్ని తుక్కుకు పంపేశారు. 2017లో అది మెక్సికోలోని బాహా కాలిఫోర్నియా ద్వీపకల్పంలో, ఇంజన్ కూడా లేకుండా బయటపడింది. రెండోదాన్ని 1974లో ఒక కుటుంబం 6 వేల డాలర్లకు కొంది. టీచరైన ఇల్లాలు దానిలోనే బడికి వెళ్లేది. కథానాయకుడు స్టీవ్ మెక్వీన్ 1977లో ఉత్తరం రాసి అడిగినా ఇవ్వలేదు. 1980లో క్లచ్ పోయింది, కారు ఆగింది. బాగుచేద్దామనుకుంటూనే ఆ ఇంటాయన కన్నుమూశాడు. కొడుకు దాన్ని మళ్లీ నడిచేలా చేశాడు. వెలిసిన రంగునీ సొట్టలనీ మాత్రం ముట్టుకోలేదు. ఆ సంయమనానికి నేను చేతులెత్తి మొక్కుతాను. కొత్త రంగు పూసి ఉంటే ఆమె బడికి వెళ్లిన కారు చెరిగిపోయేది. 2020లో ఫ్లోరిడా వేలంలో అది 37.4 లక్షల డాలర్లు పలికింది.

ఈ కుటుంబమూ ఏళ్ల తరబడి వాయిదా వేసింది. కాకపోతే కారు ఇంటి నీడన ఉంది. పొలం గట్టున నిలిపినవాళ్లకు నేను చెప్పేది ఇంతే. అమ్మాలనిపించకపోతే అమ్మకండి. ఈ చలికాలం రాకముందే దాన్ని గచ్చు ఉన్న షెడ్డులోకి లాగించండి. వినైల్ కప్పు ఉంటే పీకించి, కింద రేకు ఎంత మిగిలిందో చూడండి.