తరగతి గది బయట – 14: ఆలస్యమైంది విమానం, నేను కాదు



మొన్న రాత్రి ఒక చెల్లెలు మెసేజ్ పెట్టింది. మా కాలేజీలో బీఏ చదివిన పిల్ల. ఓవర్సీస్ స్కాలర్‌షిప్ వచ్చి, మాస్టర్స్ కోసం వచ్చే నెల జర్మనీ వెళ్తోంది. వాళ్ల వాడ నుంచి విమానం ఎక్కబోతున్న మొదటి మనిషి. "అక్కా, హైదరాబాద్ నుంచి ఢిల్లీకి ఒక టికెట్టు, ఢిల్లీ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కి ఇంకో టికెట్టు విడివిడిగా కొంటే తొమ్మిది వేలు తగ్గుతున్నాయి. మధ్యలో రెండు గంటల టైముంది. సరిపోద్దా?"

"కొనొద్దు" అని వెంటనే జవాబిచ్చాను. ఎందుకు వద్దో చెప్పాలంటే నా కథ చెప్పాలి. సిగ్గుపడి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పని కథ అది. ఆ సిగ్గు నాది కాదని అర్థమయ్యాక ఇప్పుడు రాస్తున్నాను.

కొన్నేళ్ల కిందటి మాట. అప్పుడు నేను కాంట్రాక్ట్ లెక్చరర్‌ని. దళిత సాహిత్య అనువాదాల మీద జర్మనీలో ఒక విశ్వవిద్యాలయం పెట్టిన సెమినార్‌కి పిలుపొచ్చింది. టికెట్టు వాళ్లే కొని పంపారు. జనవరి నెల. హైదరాబాద్‌లో ఉదయం ఎనిమిదికి ఎక్కితే పదింబావుకి ఢిల్లీ. పన్నెండు ఇరవైకి ఫ్రాంక్‌ఫర్ట్ విమానం. మధ్యలో రెండు గంటల పైనే ఉంది కదా అనుకున్నాను. మా ఊరి స్టేజీ దగ్గర బస్సు కోసం గంటలు గంటలు నిలబడిన దానికి అదెంత తీరిక!

అమ్మ తన మంచి చీర, గద్వాల చీర, పెట్టెలో సర్దింది. "పెద్దోళ్ల ముందు మాట్లాడతావు, ఇది కట్టుకో" అంది. నేను పేపరు ప్రింటు, పెన్ డ్రైవు మాత్రం భుజం సంచిలో పెట్టుకున్నాను.

జనవరిలో ఢిల్లీ పొగమంచు సంగతి వార్తల్లో చదవడమే గానీ, దాని వల్ల హైదరాబాద్‌లో విమానం ఆగుతుందని నాకు తెలియదు. ఢిల్లీలో దిగడానికి వీలు లేకపోతే ఇక్కడే ఆపేస్తారు. మా విమానం తొమ్మిదిన్నర దాటాక కదిలింది. ఢిల్లీ మీదికి వెళ్లాక కాసేపు గాల్లో తిప్పారు. చక్రాలు నేలకు తగిలేసరికి పన్నెండు దాటింది. ఫ్రాంక్‌ఫర్ట్ గేటు అప్పటికే మూసేశారు. విమానం బయల్దేరే టైమూ, గేటు మూసే టైమూ ఒకటి కాదు మిత్రులారా. గేటు ముందే మూస్తారు. టికెట్టు మీద చూసుకోవాల్సింది ఆ టైము.

అయినా పరుగెత్తాను. లోపల్లోపల తిట్టుకుంటూనే ఉన్నాను. "ముందురోజే బయల్దేరాల్సింది. నాకు బుద్ధి లేదు." ఎంత పరుగెత్తినా ఇమిగ్రేషన్ దాటాలి, సెక్యూరిటీ దాటాలి. చివరికి ఎయిర్‌లైన్ కౌంటర్ దగ్గర తేలాను. అక్కడున్న అమ్మాయి స్క్రీను చూసి, "మేడమ్, మీరు గేటుకి రాలేదని నమోదైంది. కొత్త టికెట్టు కొనాలి. అరవై ఎనిమిది వేలు" అంది.

అప్పట్లో నా రెండు నెలల జీతం కంటే ఎక్కువ. మరునాడు పదింటికి నా సెషన్. ఎదురు ప్రశ్న వేయలేదు. కార్డు బయటికి తీశాను. అందులో అంత డబ్బు లేదని తెలుసు. తమ్ముడికి ఫోన్ చేసి ఎవరి దగ్గరైనా అడగమందామని పక్కకి తప్పుకున్నాను. అదే నన్ను కాపాడింది.

పక్క కౌంటర్‌లో ఒకాయన ఉన్నాడు. ఏభై ఏళ్లుంటాయి. నాతో పాటే హైదరాబాద్‌లో ఎక్కాడు. అదే విమానం, అదే పొగమంచు, తప్పిపోయింది కూడా అదే ఫ్రాంక్‌ఫర్ట్ విమానం. ఆయన గొంతు పెంచలేదు. "నాది ఒకే పీఎన్ఆర్. మీ మొదటి విమానమే ఆలస్యంగా వచ్చింది. తర్వాత దొరికే విమానంలో నన్ను చేర్చడం మీ బాధ్యత. భోజనం కూపన్ ఇవ్వండి. ఆలస్యమైనట్టు రాసి ఇవ్వండి" అన్నాడు. ఐదు వాక్యాలు. పది నిమిషాల్లో ఆయన చేతిలో కొత్త బోర్డింగ్ పాస్ ఉంది. ఒక్క రూపాయి కట్టలేదు.

ఆయన ఫోన్‌లో ఇంటికి తెలుగులో చెబుతుంటే విని దగ్గరికెళ్లాను. "పీఎన్ఆర్ అంటే ఏంటండీ?" అని అడిగాను. డాక్టరేట్ ఉన్నదాన్ని, ఆ మూడక్షరాలు అడగడానికి నాలుక తడబడింది. ఆయన ఓపిగ్గా నా టికెట్టు తీసుకుని చూపించాడు. ఆరు అక్షరాల, అంకెల కోడ్ అది. రెండు విమానాలూ ఒకే కోడ్ కింద కొని ఉంటే అది ఒకే ప్రయాణం. హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ దాకా చేరుస్తామని కుదిరిన ఒప్పందం. మధ్యలో వాళ్ల విమానమే ఆలస్యమై రెండోది తప్పితే, తర్వాతి దాంట్లో పంపాలి. "మీదీ ఒకటేనమ్మా. వెళ్లి గట్టిగా అడగండి" అన్నాడు. తర్వాత, "ఏ ఊరమ్మా మీది? ఇంటిపేరేంటి?" అన్నాడు.

చెప్పాను.

"ఓహో" అన్నాడు. ఫోన్ వైపు చూసుకున్నాడు. బ్యాగు తీసుకుని దూరంగా ఇంకో వరసలో కూర్చున్నాడు. సాయంత్రం దాకా అదే హాల్లో ఉన్నాం. మళ్లీ నావైపు చూడలేదు.

ఆయన చేసిన సాయాన్ని నేను తక్కువ చేయను. ఆ మాట ఆయన చెప్పకపోతే నేను అప్పులపాలయ్యేదాన్ని. కానీ ఆ ప్రశ్న ఎందుకు వేశాడో, జవాబు విన్నాక ఎందుకు లేచాడో మీకు నేను విప్పి చెప్పక్కర్లేదు.

ఆ కుర్చీలో నాకు మసూర్ రైల్వే స్టేషన్ గుర్తొచ్చింది. బాబాసాహెబ్ "వెయిటింగ్ ఫర్ ఎ వీసా"లో మొదట చెప్పే ప్రయాణం. 1901. తొమ్మిది పదేళ్ల పిల్లాడు, అన్నతో, ఇంటి పిల్లలతో కలిసి కొత్త బట్టలేసుకుని తండ్రి దగ్గరికి బయల్దేరాడు. మసూర్‌లో దిగారు. తీసుకెళ్లడానికి ఎవరూ రాలేదు. పిల్లలు రాసిన ఉత్తరాన్ని నౌకరు తండ్రికి ఇవ్వడం మర్చిపోయాడు. అదీ తప్పిన కనెక్షనే. స్టేషన్ మాస్టర్ మొదట ఆప్యాయంగానే పలకరించాడు. మీరెవరని అడిగాడు. మహర్లమని తెలియగానే ముఖం మారిపోయింది. బండివాళ్లెవరూ ఎక్కించుకోమన్నారు. చివరికి రెట్టింపు బాడుగ ఇచ్చి, బండి పిల్లలే తోలుకోవాల్సి వచ్చింది. ఆ రాత్రి తాగడానికి నీళ్లు దొరకలేదు.

హాస్టల్ పిల్లలకు ఈ భాగాన్ని ఎన్నోసార్లు చదివి వినిపించాను. అంటరానితనం గురించిన పాఠంగానే చెప్పేదాన్ని. అది ఒక ఆలస్యం కథ కూడా అని ఢిల్లీలో అర్థమైంది. ఉత్తరం ఎవరిదైనా అందకపోవచ్చు, బండి ఎవరికైనా తప్పిపోవచ్చు. తప్పిన తర్వాత ఎవరు ఎంత కట్టాల్సి వస్తుందన్న దగ్గరే కులం కూర్చుని ఉంటుంది. 

మళ్లీ కౌంటర్‌కి వెళ్లాను. ఆయన ఐదు వాక్యాలూ నా ఇంగ్లీషులో చెప్పాను. గొంతు వణికింది గానీ ఆపలేదు. "ఆలస్యమైంది మీ విమానం, నేను కాదు" అని ఆరో వాక్యం నేనే కలిపాను. ఆ అమ్మాయి ఈసారి సూపర్‌వైజర్‌ని పిలిచింది. నా పట్ల ఆమెకు కోపం ఉందనుకోను. పొద్దున్నుంచి వందమంది తిట్లు తిని ఉంటుంది. అడిగినవాళ్లకు ఇవ్వమని, అడగనివాళ్లకు అమ్మమని ఆమెకు నేర్పిన పద్ధతి మీదే నా కోపం.

మొదట లండన్ మీదుగా పంపుతామన్నారు. సరేనన్నాను. అంతలో సూపర్‌వైజరే కంప్యూటర్‌లో చూసి ఆగాడు. భారత పాస్‌పోర్టుతో లండన్‌లో విమానం మారాలన్నా, బయటికి అడుగు పెట్టకపోయినా, నాలాంటివాళ్లకు ట్రాన్సిట్ వీసా కావాలి. నా షెన్‌గెన్ వీసా దానికి పనికిరాదు. ఎక్కకుండానే ఆపేసేవాళ్లు. చివరికి అర్ధరాత్రి దాటాక ఒంటిగంటన్నరకి జ్యూరిక్ మీదుగా సీటు దొరికింది. భోజనం కూపన్ ఇచ్చారు. ఆలస్యమైనట్టు కాగితం ఇచ్చారు.

ఇక్కడితో ఆగితే ఇది గెలుపు కథ అయ్యేది. ఆగలేదు.

రాత్రి అదే హాల్లో నిజామాబాద్ వైపు అన్నలిద్దరు నేల మీద కూర్చుని కనిపించారు. గల్ఫ్‌కి పనికి వెళ్తున్నారు. వాళ్ల విమానమూ తప్పింది. ఉత్సాహంగా వెళ్లి నేర్చుకున్న మాట చెప్పాను. టికెట్టు కాగితాలు చూస్తే రెండు వేర్వేరు కోడ్‌లు. ఏజెంటు చవగ్గా వస్తుందని విడివిడిగా కొన్నాడు. ఢిల్లీ దాకా తెచ్చిన ఎయిర్‌లైన్ "ఢిల్లీలో దింపాం, మా పని అయిపోయింది" అంది. రెండో ఎయిర్‌లైన్ "మీరు టైముకి రాలేదు" అంది. రెండూ తమ కాగితం ప్రకారం నిజమే చెప్పాయి. ఏజెంటుకి నా ఫోన్ నుంచి కూడా చేశాం. ఎత్తలేదు. పెద్దన్న, "మనదే తప్పు చెల్లె, పొద్దుగాలే రావాల్సుండె" అన్నాడు. పొద్దున పరుగెత్తుతూ నన్ను నేను తిట్టుకున్న మాట అదే. నా గేటు పిలిచినప్పుడు వాళ్లు అక్కడే ఉన్నారు. చవక టికెట్టు పేదవాడి టికెట్టు. దాని అసలు ధర దారి మధ్యలో కడతాం.

అందుకే చెల్లీ, తొమ్మిది వేల కోసం రెండు టికెట్లు కొనొద్దు. మిగతా పిల్లలు కూడా వినండి.

ఒకే పీఎన్ఆర్ మీద కొనండి. మధ్యలో కనీసం మూడు నాలుగు గంటలుండేలా చూసుకోండి. ప్రతి విమానాశ్రయానికీ కనీస కనెక్షన్ సమయం అని ఒక లెక్క ఉంటుంది. దానికంటే ఎక్కువుంటే టికెట్టు అమ్మేస్తారు. ఆ లెక్క అన్నీ సవ్యంగా జరిగిన రోజుది. డిసెంబరు, జనవరిల్లో ఢిల్లీ మీదుగా వెళ్తే ఇంకా ఎక్కువ పెట్టుకోండి. అమెరికా వెళ్లేవాళ్లు గుర్తుంచుకోండి, మామూలుగా ఆ దేశంలో మొదట దిగిన ఊళ్లోనే ఇమిగ్రేషన్ అయ్యాక లగేజి తీసుకుని మళ్లీ అప్పగించాలి. అక్కడ రెండు గంటలు చాలవు.

విమానంలో ఉండగానే ఆలస్యమని తెలిస్తే సిబ్బందికి చెప్పండి. కొన్నిసార్లు ముందు దింపుతారు. కనెక్షన్ తప్పితే కౌంటర్ వరసలో నిలబడుతూనే ఎయిర్‌లైన్‌కి ఫోన్ కూడా చేయండి. దారి మార్చి పంపుతామంటే, ఆ దేశంలో ట్రాన్సిట్ వీసా కావాలా అని ముందు అడగండి.

మన దేశంలో విమానాల మీద డీజీసీఏ నిబంధనలున్నాయి. రెండున్నర గంటల లోపు ప్రయాణమైతే 2 గంటల ఆలస్యానికే తిండి పెట్టాలి. 6 గంటలు దాటితే వేరే విమానమో, పూర్తి డబ్బు వాపసో మీరు కోరుకోవచ్చు. పొగమంచు లాంటి కారణాలకు నష్టపరిహారం రాదు. యూరప్ నుంచి తిరిగొచ్చేటప్పుడు ఎయిర్‌లైన్ తప్పు వల్ల 3 గంటలకు మించి ఆలస్యంగా చేరితే, 2004లో తెచ్చిన 261వ నిబంధన కింద మనంత దూరానికి 600 యూరోల దాకా అడగొచ్చు. అడగకపోతే ఎవరూ పిలిచి ఇవ్వరు.

సర్టిఫికెట్లు, మందులు, ఒక జత బట్టలు చేతి సంచిలోనే ఉంచండి. ఎందుకంటే నా పెట్టె నాతో రాలేదు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో బెల్టు ఆగిపోయేదాకా నిలబడ్డాను. బ్యాగు రాకపోతే విమానాశ్రయం వదలకముందే ఫిర్యాదు రాయించి, దాని నంబరు తీసుకోండి. బ్యాగు ఆలస్యమైనందుకు పరిహారం కావాలంటే, అది చేతికొచ్చిన 21 రోజుల్లోగా రాతపూర్వకంగా అడగాలి. మాంట్రియల్ ఒప్పందంలో ఉన్న గడువు అది.

నిర్వాహకులు నా సెషన్‌ని మధ్యాహ్నానికి మార్చారు. రెండు రోజులుగా ఒంటి మీదున్న చుడీదార్, అక్కడి పరిశోధక విద్యార్థిని ఇచ్చిన స్వెట్టర్‌తో పేపరు చదివాను. అమ్మ చీర మరునాడు సాయంత్రం వచ్చింది, సెమినార్ అయిపోయాక. చీర కట్టుకున్న ఫొటో పంపమని అమ్మ ఫోన్ చేసింది. హాస్టల్ గదిలో చీర కట్టుకుని, కిటికీ దగ్గర నిలబడి ఫొటో దిగి పంపాను. సభలో దిగిందేననుకుంది. నిజం ఈ మధ్యే చెప్పాను. "నీ తప్పేముందే, బండి ఆలిసమైతే" అంది. చదువుకోని మా అమ్మకి వెంటనే తట్టిన మాట, ఆ రోజు నాకు తట్టడానికి ఒక పూట పట్టింది.

కొందరి ఇళ్లలో ఈ సంగతులు అన్నం తింటూ తెలిసిపోతాయి. బాబాయి చెబుతాడు, అమెరికాలో ఉన్న అక్క చెబుతుంది. మనకి ఆ బాబాయి లేడు. కాబట్టి మనమే ఒకరికొకరం కావాలి. నేర్చుకున్నది ఎంత చిన్న సంగతైనా రాసి, వెనక వచ్చేవాళ్ల చేతిలో పెట్టండి.

నిన్న చెల్లెలి నుంచి మెసేజ్ వచ్చింది. "ఒకే పీఎన్ఆర్ అక్కా. ఢిల్లీలో నాలుగున్నర గంటలు. అంతసేపు ఏం చెయ్యాలి?"

పుస్తకం చదువుకో తల్లీ. పక్కన నేల మీద ఎవరైనా కాగితాలు పట్టుకుని దిక్కులు చూస్తూ కూర్చుంటే, వెళ్లి పలకరించు. ఇంటిపేరు మాత్రం అడక్కు.

జై భీమ్.